సీసా పేరు ఇప్పుడే చెప్పకండి బావగారూ

ఎడిన్‌బరో,
అక్టోబరు 19.

గౌరవనీయులైన బావగారికి నమస్కారములు.

ఇక్కడ మేమందరం క్షేమం. మీరు, అక్కయ్య, పిల్లలు కులాసాగా ఉన్నారని తలుస్తాను. మీ ఉత్తరం అందింది. పదవీ విరమణ నాడు మీ సహోద్యోగులు ఒక సింగిల్ మాల్ట్ విస్కీ సీసా బహూకరించారనీ, అందులో సోడా కలిపితే మహాపాపమని ఒకరు, నీళ్లు తగిలించినా పాపమేనని మరొకరు భయపెట్టడంతో దాన్ని ఇంతవరకు తెరవలేదనీ, స్కాట్లండ్‌లో ఉంటున్న వాణ్ని కనుక పద్ధతేమిటో నన్నే రాయమనీ అడిగారు. ఫోనులోనే చెప్పవచ్చును కాని, అక్కయ్య పక్కన కూర్చుని ఉండగా ఈ ప్రసంగం ఎంతోసేపు సాగదని మనిద్దరికీ తెలుసు. ఈ ఉత్తరమూ ఆమె కంట పడక మానదు. అక్కయ్యా, చివరిదాకా చదివితే ఇందులో తాగే పనికంటె వాసన చూసే పనే ఎక్కువని నీకే తెలుస్తుంది.

ముందుగా నేను చేసిన పొరపాటు చెప్పాలి. ఈ దేశం వచ్చిన మొదటి చలికాలంలో ఆఫీసు స్నేహితులు నన్నొక బారుకు తీసుకువెళ్లారు. అన్నిటికంటె ఘాటైనది ఏదో అదే గొప్పదై ఉంటుందన్న అజ్ఞానంతో ఐలా ద్వీపపు మాల్ట్ ఒకటి అడిగి, ఔషధం పుచ్చుకున్నట్లు ఒక్క గుక్కలో మింగేశాను. కట్టెల పొగ, అయొడిన్, ఆసుపత్రి వరండా అన్నీ కలిసి గొంతులోకి దిగినట్లయి కళ్లవెంట నీళ్లు వచ్చాయి. ఆ తరువాత రెండేళ్లపాటు ఆ వైపు చూడలేదు. చివరికి ఒక పెద్దమనిషి తన ఇంట్లో రెండు చిన్న గ్లాసులు నా ముందు పెట్టి, తాగవద్దని, ఒకదాని తరువాత ఒకటి ఊరికే వాసన చూస్తూ తేడా చెప్పమని అడిగాడు. అరగంట గడిచినా నేను గ్లాసు పెదవికి తాకించలేదు. ఒకదానిలో వెనిల్లా, పియర్ పండు తోచాయి; రెండవదానిలో ఎండుద్రాక్ష, తోలు చెప్పుల దుకాణం గుర్తుకు వచ్చాయి. ఆ రోజు నుంచే నాకు ఈ విద్య పట్టుబడడం మొదలైంది. ఏది మంచిదని మీరు అడిగారు. కొత్తవారికి ఆ ప్రశ్న పెద్దగా ఉపయోగపడదని నా అనుభవం. రెండింటిని పక్కపక్కన పెట్టుకుని దీనికీ దానికీ తేడా ఏమిటని అడిగితేనే నాలుక, ముక్కు పని నేర్చుకుంటాయి.

సింగిల్ మాల్ట్ అనే మాటను ఇక్కడి వారిలోనూ చాలామంది తప్పుగా అర్థం చేసుకుంటారు. సింగిల్ అంటే ఒకే పీపా అని కాదు, ఒకే డిస్టిలరీ, అంటే మద్యం కాచే ఒకే కర్మాగారం అని. మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ తప్ప మరే ధాన్యమూ వాడకుండా, ఒకే డిస్టిలరీలో, రాగి బట్టీలలో విడతలు విడతలుగా కాచి దించినదే సింగిల్ మాల్ట్. ఆ డిస్టిలరీలోనే ఉన్న వందలాది పీపాల సరుకును కలిపి ఒక సీసాలో నింపినా అది సింగిల్ మాల్టే అవుతుంది. 2009 నాటి స్కాచ్ విస్కీ నిబంధనల ప్రకారం దానిని 700 లీటర్లకు మించని ఓక్ పీపాలలో, స్కాట్లండ్‌లోనే, కనీసం మూడేళ్లు నిలవ ఉంచాలి. సీసాలో మద్యసారం 40 శాతానికి తగ్గకూడదు. నీరు, రంగు కోసం సాదా కారమెల్ తప్ప మరేమీ కలపరాదు. ఆ కారమెల్ వల్లనే రంగు చూసి వయసు, నాణ్యత అంచనా వేయడం వృథా ప్రయాస అవుతుంది. గోధుమ, మొక్కజొన్న వంటి ధాన్యాలతో చేసిన విస్కీని పలు డిస్టిలరీల మాల్టులతో కలిపితే అది బ్లెండెడ్ విస్కీ. ప్రపంచమంతా ఎక్కువగా తాగేది నేటికీ దానినే. 1963లో గ్లెన్‌ఫిడిక్ డిస్టిలరీ వారు తమ సింగిల్ మాల్టును పట్టుదలతో విదేశాలలో అమ్మడం మొదలుపెట్టేదాకా ఈ మాట స్కాట్లండ్ వెలుపల ఎక్కువమందికి తెలియదు.

ఇక ఆ సీసాలోకి ఇన్ని వాసనలు ఎక్కడినుంచి వచ్చాయన్నది తెలిస్తే సగం దారి నడిచినట్లే. మొదటిది పొగ. పొగ కావలసిన రకాలకు, తడిసి మొలకెత్తిన బార్లీని ఆరబెట్టేటప్పుడు కింద పీట్ మండిస్తారు. పీట్ అంటే చిత్తడి నేలల్లో వేల ఏళ్లుగా పేరుకుపోయి సగం కుళ్లిన మొక్కల మట్టి. దానిని ఇటుకల్లా కోసి ఎండబెట్టి వంటచెరకుగా వాడుకునేవారు. ఆ పొగలోని ఫీనాల్ పదార్థాలు గింజకు పట్టుకుని చివరిదాకా వదలవు. నాకు తగిలిన ఆసుపత్రి వాసన అదే. రెండవది పులియబెట్టడం, కాచడం. ఈస్టు తన పని చేసుకుపోతున్నప్పుడే పండ్ల వాసనలనిచ్చే ఎస్టర్లు పుడతాయి. బట్టీ మెడ ఎంత పొడవుంటే అంత తేలికైన ఆవిరి మాత్రమే పైకి చేరి, బరువైనది వెనక్కి జారిపోతుంది. అందుకే అయిదు మీటర్లకు పైబడిన మెడలున్న గ్లెన్‌మొరాంజీ డిస్టిలరీ బట్టీలనుంచి వచ్చే మద్యం సుకుమారంగా ఉంటుంది.

మూడవది పీపా. నన్నడిగితే కొత్తగా నేర్చుకునేవారు మొదట గుర్తుపట్టవలసింది దీనినే. అమెరికా చట్టం ప్రకారం బోర్బన్ విస్కీని లోపల కాల్చి బొగ్గు చేసిన కొత్త ఓక్ పీపాలలోనే నిలవ చేయాలి. ఒకసారి వాడిన పీపా వారికి ఆ పనికి మళ్లీ పనికిరాదు కనుక, సుమారు 200 లీటర్ల ఆ పీపాలు ఓడలెక్కి ఇక్కడికి వస్తాయి. వాటిలో పెరిగిన మాల్టుకు వెనిల్లా, తేనె, కొబ్బరి ఛాయలు అబ్బుతాయి. స్పెయిన్ దేశపు షెర్రీ ద్రాక్షసారాయి పట్టిన పీపాలు మరొక రకం. వాటినుంచి ఎండుద్రాక్ష, అక్రోటు, దాల్చినచెక్క గుర్తుకు తెచ్చే వాసనలు, ముదురు రంగు వస్తాయి. ఆ పెద్దమనిషి నా ముందు పెట్టిన రెండు గ్లాసులు ఇవేనని తరువాత తెలిసింది. ఒకటి గ్లెన్‌మొరాంజీ, రెండవది షెర్రీ పీపాలకు పేరుపడ్డ గ్లెన్‌ఫార్క్లాస్. మొదటి పాఠానికి ఇంతకంటె మంచి జత నాకు కనబడలేదు.

దుకాణాల్లోను, పుస్తకాల్లోను స్పేసైడ్, హైలాండ్, లోలాండ్, ఐలా, క్యాంప్‌బెల్‌టౌన్ అనే అయిదు ప్రాంతాల పటం చూపించి, ఐలా అంటే పొగ, స్పేసైడ్ అంటే పండ్లు అని బోధిస్తారు. మొదటి వారం రోజులకు అది పనికి వస్తుంది. కాని ఐలాలోనే బున్నహావెన్ డిస్టిలరీ ప్రధానంగా పొగ తగలని మాల్టును చేస్తుంది. చట్టం లెక్కన హైలాండ్‌లోకి వచ్చే స్కై ద్వీపంలో టాలిస్కర్ అనే మాల్టు పొగ, మిరియాల ఘాటుతో పలకరిస్తుంది. అందువల్ల పటాన్ని బట్టీయం వేయకుండా, పొగ ఉన్నదా లేదా, పీపా ఏ రకం అన్న రెండు ప్రశ్నలు వేసుకుంటే చాలు.

మీరు చేయవలసినది ఇప్పుడు చెబుతాను. భోజనానికి ముందు, ఇంట్లో అగరువత్తులు, తాలింపు ఘాటు లేని సమయం చూసుకోండి. అడుగున విశాలంగా, పైకి వచ్చేకొద్దీ సన్నబడే గ్లాసు కావాలి. 2001లో మార్కెట్లోకి వచ్చిన గ్లెన్‌కెర్న్ గ్లాసు ఇందుకోసమే చేసినది. అది దొరకకపోతే వైను గ్లాసైనా సరే, వెడల్పు నోటి గ్లాసు మాత్రం వద్దు, వాసనంతా గాలిలో కలిసిపోతుంది. పదిహేను మిల్లీలీటర్లకు మించి పోయకండి. పోసిన తరువాత కొన్ని నిమిషాలు అలాగే వదిలేయండి. గ్లాసును గడ్డం దగ్గరనుంచి మెల్లగా పైకి తెస్తూ, నోరు కొంచెం తెరిచి ఉంచి, చిన్న చిన్న శ్వాసలతో వాసన చూడండి. ముక్కు గ్లాసులో దూర్చి గట్టిగా పీల్చారంటే మద్యసారపు మంట తప్ప మరేమీ తెలియదు, ఆ పైన కొంతసేపు ముక్కు సరిగా పనిచేయదు. మొదటి గుటక నాలుకను అలవాటు చేయడానికే. దానిని బట్టి తీర్పు చెప్పకండి. రెండవ గుటకను నాలుక మీద నలువైపులా తిప్పి నిదానంగా మింగి, నోరు మూసి ముక్కుతో గాలి వదలండి. అసలు రుచి అప్పుడు బయటపడుతుంది. మింగిన తరువాత ఎంతసేపు, ఏ రూపంలో మిగిలి ఉన్నదో గమనించండి.

నీళ్లు కలపడం పాపమన్న మీ మిత్రులకు నా మాటగా చెప్పండి: ఇక్కడ విస్కీలను కలిపే నిపుణులైన బ్లెండర్లే విస్కీని బాగా పలుచన చేసి వాసన చూస్తారు. స్వీడన్‌లోని లినేయస్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఇద్దరు 2017లో కంప్యూటర్ నమూనాలతో ఈ సంగతి పరిశీలించారు. పొగవాసనకు కారణమైన గ్వాయకాల్ అనే పదార్థం మద్యసారం 45 శాతం లోపు ఉన్నప్పుడు ద్రవం ఉపరితలం దగ్గరకు చేరుతుందనీ, 59 శాతం దాటితే లోపలే ఉండిపోతుందనీ తేల్చారు. అది లెక్కలతో చేసిన పరిశోధనే తప్ప ఎవరి ముక్కుతోను చేసినది కాదు, అయినా నా ముక్కు దానితో ఏకీభవిస్తున్నది. కనుక సగం తాగాక చెంచాతో రెండు మూడు చుక్కలు వేసి చూడండి. ఐసు మాత్రం వాసనను అణచివేస్తుంది. సోడా పాపమేమీ కాదు, కాని పోల్చి చూసే రోజున వద్దు.

వయసు గురించి ఒక్క మాట. సీసా మీది అంకె అందులో కలిసిన విస్కీలలో అతి చిన్నదాని వయసు. అది పెరిగితే ధర తప్పకుండా పెరుగుతుంది. రుచి పెరుగుతుందని హామీ లేదు. ఇక్కడి చలిలో పీపానుంచి ఏటా సుమారు రెండు శాతం ఆవిరైపోతుంది, దానిని దేవదూతల వాటా అంటారు. బెంగళూరులో ఆ వాటా ఏటా పది, పన్నెండు శాతం దాకా ఉంటుంది, అక్కడ కలపతో సాంగత్యమూ అంత వేగంగా సాగుతుంది. అందుకే అక్కడి అమృత్ సింగిల్ మాల్ట్ చిన్న వయసులోనే 2004లో గ్లాస్గోకు వచ్చి ఇక్కడి వారిచేత ఔననిపించుకున్నది. సీసాలో పోసిన తరువాత మాత్రం విస్కీకి వయసు రాదు, కనుక మీ సీసాను ఇంకా దాచిపెట్టి లాభం లేదు. నిలబెట్టి ఉంచండి, పడుకోబెడితే బిరడా చెడుతుంది, ఎండ తగలనివ్వకండి.

ఒక పూట రెండు రకాలు, మహా అయితే మూడు. అంతకు మించితే ముక్కు అలసిపోయి అబద్ధాలు చెబుతుంది. పొగ ఉన్నదానిని ఎప్పుడూ చివరికే ఉంచండి. కొత్త సీసాలు కొనే బదులు 50 మిల్లీలీటర్ల చిన్న సీసాలు దొరికితే అవే తీసుకోండి, ఒక్కొక్కటి రెండు మూడు సాయంత్రాలు వస్తుంది. ఆ పూట బండి తీయకండి. ఇక్కడ 2014 డిసెంబరు నుంచి వంద మిల్లీలీటర్ల రక్తంలో యాభై మిల్లీగ్రాముల మద్యసారం దాటితే నేరం, నేనైతే ఒక్క చుక్క పుచ్చుకున్నా కారు తాళాలు ముట్టను.

మీ ఉత్తరంలో ఆ సీసా పేరు రాయడం మరిచిపోయారు. అది మంచిదే అయింది, ఇప్పుడే చెప్పకండి. పెట్టె మీద వెనకవైపు వాళ్లు అచ్చువేసిన వర్ణన చదవకుండా, పైన చెప్పినట్లు వాసన చూసి, మీకు తోచినవన్నీ, పాత పుస్తకాల బీరువా అయినా, తడిసిన తాడు అయినా, సిగ్గుపడకుండా ఒక కాగితం మీద రాసి పంపండి. నీళ్లు వేయకముందు ఒక వరుస, వేసిన తరువాత ఒక వరుస. అది ఏ పీపాలో పెరిగిందో, పొగ తగిలిందో లేదో ఇక్కడినుంచి నేను చెబుతాను. తప్పితే వచ్చేటప్పుడు మీరు కోరిన సీసా తెస్తాను.

అక్కయ్యకు నమస్కారాలు, పిల్లలకు దీవెనలు.

ఇట్లు,
మీ బావమరిది