చెల్లెమ్మ ముందు, మీరు దసరాకి

రవీ,

చెల్లెమ్మకి ఇక్కడ అమెరికాలో, నార్త్ కరోలినాలో లెక్కల టీచర్ ఉద్యోగం ఖాయమైందని, అదీ జె-1 ఎక్స్ఛేంజి వీసా మీదని రాశావు. శుభాకాంక్షలు ఆవిడకి. నీకు మాత్రం ఇప్పట్నించీ చాకిరీ మొదలు. "నలుగురం ఒకే ఫ్లైట్ ఎక్కేద్దాం" అన్నావు చూడు, ముందు ఆ టికెట్ల సంగతి ఆపు.

వీసా ఇంటర్వ్యూకి పిల్లలతో సహా అందరూ కలిసే వెళ్ళండి. డీఎస్-2019 కాగితం (ఎక్స్ఛేంజి ప్రోగ్రాంకి అర్హత చూపేది) మనిషికొకటి వస్తుంది, స్పెల్లింగులు ఒకటికి రెండుసార్లు చూసుకో. సెవిస్ ఫీజు (ఎక్స్ఛేంజి మనుషుల రికార్డు ఉంచే ప్రభుత్వ వ్యవస్థకి కట్టేది) 220 డాలర్లు చెల్లెమ్మ ఒక్కదానికే, ఆవిడ వెంట వచ్చే మీ ముగ్గురి జె-2 వీసాలకి లేదు. పిల్లల పాస్‌పోర్టుల్లో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటే ఇప్పుడే సరిచేయించు. లేకపోతే వీసా మీద పేరు ఉండాల్సిన చోట "ఎఫ్‌ఎన్‌యూ" ("మొదటి పేరు తెలియదు" అనడానికి ఇంగ్లీషు పొట్టి రూపం) అని అచ్చవుతుంది. అసలు పేరేమో ఇంటిపేరు గడిలోకి పోతుంది. ఇక స్కూల్లో, ఆస్పత్రిలో, బ్యాంకులో పిల్లని ఎఫ్‌ఎన్‌యూ అనే పిలుస్తారు.

ప్రయాణం మాత్రం విడివిడిగా పెట్టుకోండి. డీఎస్-2019 మీద ప్రోగ్రాం మొదలని ఉన్న తేదీకి 30 రోజుల ముందు నుంచి చెల్లెమ్మ దిగొచ్చు. మీరు ఆవిడకంటే ముందు రాకూడదు గానీ తర్వాత ఎప్పుడొచ్చినా ఫరవాలేదు. ఆగస్టులో ఆవిడకి ఊపిరి తీసుకునే తీరిక ఉండదు: స్కూల్ శిక్షణ తరగతులు, బ్యాంకు ఖాతా, సోషల్ సెక్యూరిటీ నంబరు (జీతానికి, పన్నుకి కావాల్సిన ప్రభుత్వ నంబరు), ఇల్లు. దిగిన మర్నాడే సోషల్ సెక్యూరిటీ ఆఫీసుకి పరిగెత్తినా లాభం లేదు. ఇమిగ్రేషన్ రికార్డు వాళ్ళ కంప్యూటర్లో కనబడటానికి టైం పడుతుంది, ఓ పది రోజులాగి వెళ్తే ఒక్కసారిలో పనైపోతుంది. ఈ తిరుగుళ్ళన్నిటి మధ్యా జెట్‌లాగ్‌తో రాత్రి రెండింటికి లేచి కూర్చునే ఇద్దరు పిల్లలు కూడా ఉంటే ఆవిడ పాఠం ఎప్పుడు తయారు చేసుకుంటుంది? పిల్లల్ని అక్కడ మొదటి పరీక్షలు రాయించి, దసరా సెలవులకి బయల్దేరదీయి. ఇక్కడి ప్రభుత్వ స్కూల్లో ఏడాది మధ్యలో వచ్చినా చేర్చుకుంటారు, ఫీజు లేదు.

డబ్బు సంగతి. మొదటి పూర్తి జీతం సెప్టెంబరు చివరికి గానీ చేతికి రాదనుకో. ఈలోగా మొదటి నెల అద్దె, దాదాపు అంతే అడ్వాన్సు, కరెంటు కనెక్షన్ డిపాజిట్, ఓ పాత కారు. ఇక్కడ క్రెడిట్ చరిత్ర లేని మనిషికి ప్రతివాడూ డిపాజిట్ అడుగుతాడు. చాలామంది మర్చిపోయేది ఇంకోటుంది: టీచర్ కాంట్రాక్టు పది నెలలది. దాన్ని 12 భాగాలు చేసి ఇచ్చే ఏర్పాటు ఆవిడ స్కూలున్న జిల్లాలో ఉందేమో ముందే అడగమను. లేదంటే ప్రతి జీతంలో ఆరో వంతు తీసి పక్కన పెట్టాలి, అప్పుడే వేసవి రెండు నెలలూ అదే లెక్కన గడుస్తాయి. ఇండియాకి టికెట్లు కొనేది కూడా సరిగ్గా ఆ రెండు నెలల్లోనే మరి.

ఇక పిల్లల టీకాలు. దీనికి మాత్రం తీరిగ్గా కూర్చో. మన ప్రభుత్వ టీకాల పట్టికలో మీజిల్స్-రూబెల్లా ఉంటుంది, గవదబిళ్ళల టీకా ఉండదు. చికెన్‌పాక్స్‌దీ ఉండదు. ఇక్కడ కిండర్‌గార్టెన్ నుంచే ఆ రెండూ అడుగుతారు: ఎమ్ఎమ్ఆర్ (మీజిల్స్, గవదబిళ్ళలు, రూబెల్లా కలిపి) రెండు డోసులు, వేరిసెల్లా (అంటే చికెన్‌పాక్స్) రెండు, హెపటైటిస్-బి మూడు, పోలియో నాలుగు, డీటీపీ (కంఠసర్పి, ధనుర్వాతం, కోరింత దగ్గు) ఐదు. పోలియో దగ్గరే మన కార్డు బోల్తా పడుతుంది. 2016 ఏప్రిల్ తర్వాత వేసిన చుక్కల్ని ఇక్కడ లెక్కలోకి తీసుకోరు, ఇంజెక్షన్ డోసులే కావాలి. అవి ఎన్ని పడ్డాయో డాక్టర్‌ని చూసి చెప్పమను.

జూన్‌లోనే మొదలుపెట్టు. ఎమ్ఎమ్ఆర్, వేరిసెల్లా ఒకే రోజు వేయించొచ్చు. ఒకే రోజు కుదరకపోతే రెండిటి మధ్య 28 రోజులుండాలి, అంతకంటే తక్కువైతే రెండోది చెల్లదంటారు. ఎమ్ఎమ్ఆర్ రెండో డోసు నాలుగు వారాలకి, వేరిసెల్లా రెండోది 13 ఏళ్ళలోపు పిల్లలకి మూడు నెలలకి. జూన్‌లో మొదలైతే సెప్టెంబరులో అన్నీ అయిపోతాయి, మీ ప్రయాణానికి సరిపోతుంది. తర్వాత డాక్టర్ లెటర్‌హెడ్ మీద అన్నీ టైపు చేయించి సంతకం, ముద్ర వేయించు. తేదీల్లో నెలని అక్షరాల్లో రాయించు. 05/08 అని ఉంటే మనకి ఆగస్టు ఐదు, వీళ్ళకి మే ఎనిమిది. ఆ ఒక్క తేడాతో డోసుల మధ్య ఎడం సరిపోలేదని మళ్ళీ సూది వేస్తారు. స్కూల్లో చేరిన 30 రోజుల్లోగా ఈ కాగితం, ఇక్కడి డాక్టర్ నింపిన ఆరోగ్య పరీక్ష ఫారం, రెండూ ఇవ్వాలి. టీబీ పరీక్ష అడిగితే రక్తపరీక్షే చేయమను. బీసీజీ (టీబీ టీకా) పడ్డ పిల్లలకి చర్మం మీద చేసే పరీక్ష జబ్బు లేకపోయినా పాజిటివ్ చూపించొచ్చు.

చేర్చేటప్పుడు అద్దె ఒప్పందం, కరెంటు బిల్లు చూపించాలి. ఇల్లు ఏ స్కూలు పరిధిలో ఉంటే ఆ స్కూలే, వాళ్ళమ్మ పనిచేసే స్కూల్లోనే చేర్పించాలంటే జిల్లా ఆఫీసు అనుమతి ఉండాలి. ఇంట్లో ఏ భాష మాట్లాడతారని ఒక ఫారం ఇస్తారు. తెలుగు అనే రాయి. "ఇంగ్లీష్ అని రాస్తే గొడవుండదు" అని ఎవరైనా సలహా ఇస్తే వినకు. తెలుగు అని రాస్తే ఇంగ్లీష్ స్థాయి పరీక్ష ఒకటి పెడతారు, అవసరమైతే విడిగా సాయం చేస్తారు. మన కాన్వెంటు పిల్లలు కూడా మొదట్లో ఇక్కడి యాస అందుకోలేక తడబడతారు, ఆ సాయం ఎందుకు వదులుకోవడం? పసుపు బస్సు ఉచితం. చిన్న క్లాసుల పిల్లలైతే దిగే చోట పెద్దవాళ్ళు నిలబడి ఉండాలి, లేకపోతే చాలా జిల్లాల్లో పిల్లని మళ్ళీ స్కూలుకే తీసుకుపోతారు. భోజనంలో బీఫ్, పోర్క్ వద్దంటే క్లాస్ టీచర్‌కి, క్యాంటీన్‌కి ఇద్దరికీ రాసివ్వు.

నీ సంగతి. ఇక్కడికొచ్చిన మగాళ్ళు ముందుగా డీలా పడేది ఇక్కడే. జె-2 మీద వచ్చాక ఐ-765 దరఖాస్తు పెట్టి, వర్క్ పర్మిట్ కార్డు చేతికొచ్చాకే పని చెయ్యాలి. అది నెలల వ్యవహారం, రుసుమే 500 డాలర్ల చుట్టూ ఉంటుంది. దాంతో జత చేసే ఉత్తరంలో "ఇల్లు గడవక" అని ఒక్క ముక్క రాశావా, తిరస్కరిస్తారు. జె-2 సంపాదన జె-1 మనిషిని పోషించడానికి కాకూడదన్నది రూలు. అందుకని నెల ఖర్చుల పట్టిక వేసి, చెల్లెమ్మ జీతంతోనే అన్నీ సరిపోతున్నాయని చూపించి, నీ డబ్బు ఊళ్ళు చూడ్డానికి, పిల్లల ఈతకి, సంగీతానికి అని రాయాలి. చదువుకోవడానికి మాత్రం ఏ పర్మిట్టూ అక్కర్లేదు, కమ్యూనిటీ కాలేజీలో హాయిగా చేరొచ్చు. అక్కడి ఉద్యోగానికి రాజీనామా ఇవ్వకు. జీతం లేని సెలవు దొరికితే అదే పెట్టు.

పర్మిట్ కంటే ముందు తగిలే దెబ్బ కారు. ఎక్స్ఛేంజి టీచర్లకి ఉద్యోగాలెక్కువగా దొరికేది చిన్న ఊళ్ళలో, అక్కడ సిటీ బస్సులుండవు. ఉన్న ఒక్క కారూ తెల్లారి ఏడింటికి చెల్లెమ్మతో వెళ్ళిపోతే నువ్వు సాయంత్రం దాకా ఖైదీవే. ఇల్లు చూసేటప్పుడు రెండో పడగ్గది కంటే నడిచి వెళ్ళేంత దూరంలో లైబ్రరీ, కిరాణా ఉన్నాయో లేదో చూడమను. కాపురం పెట్టిన 60 రోజుల్లో ఇక్కడి లైసెన్సు తీసుకోవాలి. రాతపరీక్ష, రోడ్డు గుర్తులు, డ్రైవింగ్, మూడూ ఉంటాయి, బీమా కాగితం కూడా అడుగుతారు. వర్క్ పర్మిట్ వచ్చేదాకా నీకు సోషల్ సెక్యూరిటీ నంబరు రాదు కాబట్టి, రాదని సోషల్ సెక్యూరిటీ ఆఫీసు ఇచ్చే ఉత్తరం తీసుకుని వెళ్ళు.

పన్ను గురించి రెండే ముక్కలు. మొదటి రెండు క్యాలెండర్ సంవత్సరాలు చెల్లెమ్మ జీతంలోంచి సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ (పింఛను, ముసలివాళ్ళ వైద్యం కోసం తీసే పన్నులు) కింద 7.65 శాతం కొయ్యకూడదు. ఆగస్టులో దిగితే డిసెంబరు దాకా ఉన్న ఆ ముక్కే ఒక ఏడాది కింద లెక్క. పొరపాటున కోస్తే వెంటనే పేరోల్ వాళ్ళనడగాలి. నీకు పని దొరికితే నీ జీతంలో మాత్రం మొదటి రోజు నుంచే కోత. ఇండియా-అమెరికా ఒప్పందంలో టీచర్లకి రెండేళ్ళ ఆదాయపన్ను మినహాయింపూ ఉంది గానీ, మూడేళ్ళుండే ఉద్దేశం ఉంటే అది మొదటికే మోసం తేవచ్చు. తెలిసిన ఆడిటర్‌ని అడిగాకే ముట్టుకోండి. సంపాదన లేకపోయినా పిల్లలతో సహా మనిషికో ఫారం 8843 పన్ను శాఖకి పంపాలి.

ఆరోగ్య బీమా నలుగురికీ తప్పనిసరి: ఒక్కో జబ్బుకి కనీసం లక్ష డాలర్లు, బీమా వాళ్ళు ఇవ్వడం మొదలయ్యేముందు ఒక్కో జబ్బుకి మన జేబులోంచి పెట్టేది (డిడక్టిబుల్) 500 డాలర్లు మించకూడదు. పళ్ళు, కళ్ళు సాధారణంగా అందులో ఉండవు. పుచ్చుపళ్ళన్నీ అక్కడే పూడిపించుకుని, మనిషికి రెండు జతల కళ్ళజోళ్ళు తెచ్చుకోండి.

మిక్సీ తేకు. ఇక్కడ కరెంటు 120 వోల్టులు, మన మిక్సీ తిరగదు. ఇండియన్ కొట్లలో ఇక్కడికి సరిపోయేవి దొరుకుతాయి. కుక్కర్, చదును అడుగున్న గిన్నెలు తెచ్చుకో, అద్దె ఇళ్ళలో ఎక్కువగా కరెంటు పొయ్యిలే. పోపు పెట్టేముందు ఫ్యాన్ వేసి కిటికీ తెరువు, ఎండుమిరపకాయ మాడిందంటే పొగ అలారం కూత మొదలెడుతుంది. సోనామసూరి, చింతపండు కోసం నెలకోసారి షార్లెట్‌కో, కేరీ-మోరిస్‌విల్ వైపో రండి, కేరీలో వేంకటేశ్వరస్వామి గుడి కూడా ఉంది.

మీ అమ్మగారికి ఫోను వేసవిలో ఇక్కడ రాత్రి ఎనిమిదికి చెయ్యి, అక్కడ తెల్లవారుజాము ఐదున్నర, ఆవిడ కాఫీ వేళ. నవంబరు మొదటి ఆదివారం నుంచి తేడా పదిన్నర గంటలవుతుంది, ఏడింటికే చెయ్యాలి. పెద్దదాని తెలుగు వాచకాలు రెండు తరగతులవి పెట్టెలో వెయ్యి. తెలంగాణలో 2018 చట్టంతో ఏ బోర్డు స్కూల్లోనైనా తెలుగు తప్పనిసరి. ఈ వీసా మీద మూడేళ్ళు, పొడిగిస్తే ఐదేళ్ళు, అయ్యాక తిరిగొస్తే అక్షరాలు మర్చిపోయి ఉంటుంది.

ఇండియాకి సెలవులకి వచ్చే ముందు డీఎస్-2019లన్నిటి మీదా స్పాన్సర్ (ఆ కాగితాలిచ్చిన సంస్థ) ప్రయాణ సంతకం తాజాగా ఉండాలి, ఒక సంతకం ఏడాదికి మించి పనికిరాదు.

సరే, ఇద్దరు పిల్లల టీకా కార్డులు రెండువైపులా ఫోటో తీసి ఈ ఆదివారంలోగా పంపు. ఏవి తక్కువున్నాయో గుర్తుపెట్టి పంపుతాను, సోమవారం డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళు.

నీ
మూర్తి