అమ్మలూ, కోనీ చిల్లీ ఇలా చెయ్యి

అమ్మలూ,

కోనీ చిల్లీ ఎలా చెయ్యాలని ఫోన్‌లో అడిగావు, చెప్పేలోపే నీకు క్లాస్ టైమ్ అయిపోయింది, అందుకే రాసి పంపిస్తున్నాను. హాట్ డాగ్ మీద, అంటే బన్నులో పెట్టిన సాసేజ్ మీద, సాస్‌లా వేసే ఈ కైమా చిల్లీ బ్రహ్మవిద్యేమీ కాదు. కాకపోతే మన చేతికి ఒక అలవాటుంది. కైమా కనపడగానే నూనె కాగబెట్టి, అల్లం వెల్లుల్లి ముద్ద వేసి, వేగాక గరం మసాలా చల్లేస్తాం. అలా చేస్తే కూర చాలా బాగుంటుంది, అన్నంలోకి. బన్నులో సాసేజ్ మీద వేస్తే మాత్రం ముద్దలు ముద్దలుగా జారి ఒళ్ళో పడుతుంది, సాసేజ్ రుచి ఎటుపోయిందో తెలీదు. కాబట్టి ఈ ఒక్కసారికి ఆ అలవాటు పక్కన పెట్టు. నూనె వద్దు, అల్లం వద్దు, గరం మసాలా అసలే వద్దు.

డెట్రాయిట్ డౌన్‌టౌన్‌లో లఫయెట్ బౌలవార్డ్ మీద పక్కపక్కనే ఉండే రెండు కోనీ షాపులు, అంటే చిల్లీ వేసిన హాట్ డాగులు అమ్మేవి, ఉన్నాయి కదా, నీకు కావలసింది ఆ రుచే అనుకుంటున్నాను. అందులో అమెరికన్ కోనీ ఐలాండ్ 1917లో మొదలైంది. గ్రీస్ నుంచి వచ్చిన గస్ట్ కెరోస్ పెట్టాడు. పక్కనున్న లఫయెట్ కూడా మొదట్లో ఆ కుటుంబానిదే, అన్నదమ్ములు వేరుపడి గోడ పక్కనే ఇంకో షాపు తెరిచారు. దాయాదుల పోరు మనకేమన్నా కొత్తా! తమాషా ఏంటంటే పేరు న్యూయార్క్‌లోని కోనీ ఐలాండ్‌ది, ఈ చిల్లీ మాత్రం మన మిషిగన్ వైపుది. మీ అమ్మ మొదటి షాపు పక్షం, నేను రెండో షాపు పక్షం, ఈ విషయంలో మా ఇద్దరికీ రాజీ కుదరదు. ఆ షాపుల్లో చిల్లీ బీఫ్‌తో చేస్తారు. మనింట్లో బీఫ్ వండం, బయట ఎవరేం తిన్నారో మీ అమ్మ అడగదు, నేనూ చెప్పను. నీకు రాస్తున్నది ఇంట్లో చేసేది.

మాంసం సంగతి. టర్కీ కైమా దొరుకుతుంది, కానీ ప్యాకెట్ మీద 99 శాతం కొవ్వు లేనిది అని ఉంటే తీసుకోకు. అది ఉడికాక ఇసకలా పలుకుపలుకుగా ఉంటుంది, గొంతు దిగదు. 85 శాతం అని రాసి ఉన్నది చూసుకో. గొర్రె మాంసం ఒక్కటే వేస్తే బాగానే ఉంటుంది గానీ ఆ వాసన మిగతా అన్నిటినీ మింగేస్తుంది, అందుకని నేను సగం టర్కీ, సగం గొర్రె కలుపుతాను. హలాల్ షాపులో అడిగితే మిషన్‌లో రెండుసార్లు వేసిస్తారు, మొహమాటపడకుండా అడుగు. ఎంత సన్నగా ఉంటే అంత మంచిది.

ఒక పౌండు కైమాకి, అంటే 450 గ్రాములకి, రెండు కప్పుల చల్లటి నీళ్ళు. స్టవ్ ఇంకా వెలిగించకు. అడుగు మందంగా ఉన్న గిన్నెలో కైమా వేసి, నీళ్ళు పోసి, చెయ్యి పెట్టి పిసుకు. మొదట చల్లగా, జిగురుగా, కాస్త అసహ్యంగానే ఉంటుంది, ఏమనుకోకు. ఒకట్రెండు నిమిషాలకి వేళ్ళ మధ్య ఉండలు విడిపోయి నీళ్ళు గులాబీ రంగుకి తిరిగి, మాంసం అడుగున సన్న రవ్వలాగా పేరుకుంటుంది. అప్పుడు చేతులు సబ్బుతో శుభ్రంగా కడుక్కుని స్టవ్ మీద పెట్టు. మొత్తం పనిలో కీలకం ఇదే. వేడి మూకుట్లో పచ్చి కైమా వేస్తే అది ఎక్కడికక్కడ బిగుసుకుని ముద్ద కడుతుంది, తర్వాత గరిటెతో ఎంత పొడిచినా అంత సన్నగా రాదు. చల్లటి నీళ్ళలో ముందే విడదీస్తే, నీళ్ళతో పాటే మెల్లగా వేడెక్కుతుంది కాబట్టి ఏ పలుకుకి ఆ పలుకు విడిగానే ఉడుకుతుంది. మీడియం మంట మీద పెట్టి, రంగు మారేదాకా కలుపుతూనే ఉండు. ఆ టైమ్‌లో ఫోన్ పట్టుకున్నావంటే అడుగంటుతుంది. పైకి బూడిద రంగు నురగ వస్తే చెంచాతో తీసి పారెయ్.

నీళ్ళు మరిగాక ఒక చిన్న ఉల్లిపాయ, వీలైనంత సన్నగా తరిగింది, రెండు వెల్లుల్లి రెబ్బలు తురిమి, రెండు పెద్ద చెంచాల టమాటా పేస్టు, ఒకటిన్నర పెద్ద చెంచాల చిల్లీ పౌడర్, ఒక టీ చెంచా జీలకర్ర పొడి, ఒక టీ చెంచా పాప్రికా (కారం తక్కువుండే ఎర్ర మిరప పొడి), అర చెంచా మిరియాల పొడి, ముప్పావు చెంచా ఉప్పు, ఒక చెంచా పసుపు రంగు మస్టర్డ్ (ఆవాల సాస్) వేసెయ్. చిల్లీ పౌడర్ అంటే ఇక్కడి గ్రోసరీ షాపులో దొరికే సీసా. అందులో మిరపతో పాటు జీలకర్ర, ఒరెగానో, వెల్లుల్లి పొడి కలిసి ఉంటాయి కాబట్టి పెద్ద చెంచాలతో వేసినా ఏం కాదు. అమ్మమ్మ పంపిన గుంటూరు కారం అదే లెక్కన వేశావంటే నీ ఫ్రెండ్స్ మళ్ళీ మీ ఇంటి గడప తొక్కరు. సీసా లేకపోతే కాశ్మీరీ కారం రెండు టీ చెంచాలు, జీలకర్ర పొడి ఇంకో చెంచా, ఒరెగానో అర చెంచా, వెల్లుల్లి పొడి అర చెంచా కలుపుకుంటే సరిపోతుంది. ఉప్పు మాత్రం మొదట్లోనే ఆ ముప్పావు చెంచా కంటే ఎక్కువ వెయ్యకు, ఉడికే కొద్దీ నీళ్ళు ఇగిరి ఉప్పదనం పెరుగుతుంది, పైగా సాసేజ్‌లోనూ ఉప్పు బాగానే ఉంటుంది.

ఇక మంట బాగా తగ్గించి, మూత పెట్టకుండా, ముప్పావు గంట నుంచి గంట వదిలెయ్. మధ్యమధ్యలో వచ్చి అడుగు నుంచి ఒకసారి తిప్పి వెళ్ళు. అయ్యిందో లేదో టైమ్ చూసి కాదు, గిన్నె చూసి తెలుసుకోవాలి: చెంచాతో గిన్నె అడుగున ఒక గీత గీస్తే ఆ దారి వెంటనే పూడిపోకుండా నింపాదిగా పూడాలి. గీతలోకి నీళ్ళు పరిగెత్తుకొస్తే ఇంకా కాలేదు. దించే ముందు ఒక టీ చెంచా వెనిగర్. అప్పుడు రుచి చూసి ఉప్పు సరిచేసుకో. కొంతమంది చిక్కదనానికి ఉప్పు బిస్కెట్లు నలిపి కలుపుతారు, నాకది నచ్చదు, మాంసం తక్కువైనట్టు ఉంటుంది. ఇందులో రాజ్మా లాంటి గింజలు కూడా వెయ్యకు, అది గిన్నెలో పోసుకుని చెంచాతో తినే చిల్లీ, దాని దారి వేరు.

నీ రూమ్మేట్‌ది సిన్సినాటి అన్నావు కదా. ఆ అమ్మాయి వచ్చి ఇందులో దాల్చినచెక్క ఏది, లవంగం ఏది అంటుంది, చూస్తూండు. వాళ్ళ చిల్లీ అలాగే ఉంటుంది. మాసిడోనియా నుంచి వచ్చిన కిరాజెఫ్ అన్నదమ్ములు 1922లో అక్కడ ఎంప్రెస్ అని ఒక షాపు పెట్టి ఆ పద్ధతి మొదలుపెట్టారు, తర్వాత 1949లో స్కైలైన్ అనే ఇంకో షాపు వచ్చింది. వాళ్ళూ పచ్చి మాంసాన్ని నీళ్ళలోనే ఉడికిస్తారు. దాల్చినచెక్క, ఆల్‌స్పైస్ అనే మసాలా గింజ వేసి, స్పగెట్టీ మీదా పోస్తారు, హాట్ డాగ్ మీదా పోసి పైన చీజ్ తురుము కొండలాగా వేస్తారు. నిజం చెప్పాలంటే మన నాలుకకి అదే తొందరగా ఎక్కుతుంది, మసాలా వాసన కదా. అయినా నా ఓటు డెట్రాయిట్‌కే. గొడవ ఎందుకనుకుంటే చివర్లో ఒక చిన్న గిన్నెలోకి కొంచెం తీసి, చిటికెడు దాల్చినచెక్క పొడి కలిపి ఆ అమ్మాయికిచ్చెయ్. మన మిషిగన్‌లోనే ఫ్లింట్ అనే ఊరి వాళ్ళది ఇంకో రకం, పొడిపొడిగా, బీఫ్ గుండెకాయ వేసి చేస్తారు. అది మనకొద్దులే.

శనివారం మ్యాచ్ అంటే శుక్రవారం రాత్రే చేసిపెట్టుకో. రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంటే మసాలా మాంసానికి పడుతుంది, కొవ్వు పైకి తేలి గడ్డకడుతుంది, చెంచాతో ఎత్తి పారెయ్యొచ్చు, మరీ మొత్తం తియ్యకు. వేడిగా ఉన్న గిన్నెని అలాగే ఫ్రిజ్‌లోకి తొయ్యకు. వెడల్పు డబ్బాల్లోకి పల్చగా సర్ది, రెండు గంటల్లోపు లోపల పెట్టెయ్. మర్నాడు స్టవ్ మీద బాగా మరిగేలా వేడి చేసి, ఆ తర్వాత మీ స్లో కుక్కర్‌లో పోసి వార్మ్ మీద ఉంచు. చల్లటిది నేరుగా స్లో కుక్కర్‌లో పెడితే వేడెక్కడానికి గంటలు పడుతుంది, అంతసేపు గోరువెచ్చగా ఉన్న మాంసం కడుపుకి మంచిది కాదు.

పౌండు కైమాతో పది, పన్నెండు హాట్ డాగులకి వస్తుంది, ఒక్కోదానికి రెండు మూడు పెద్ద చెంచాలు చాలు. మగపిల్లలు ఎక్కువమంది వస్తున్నారంటే రెండు పౌండ్లు చెయ్యి, నీళ్ళు మాత్రం నాలుగు కప్పులు కాకుండా మూడున్నర పొయ్యి. బన్నులు ఆవిరి మీద ఒక్క నిమిషం ఉంచితే మెత్తబడతాయి, ఇడ్లీ పాత్ర ఉందిగా. ముందు సాసేజ్, దాని మీద చిల్లీ, ఆ పైన మస్టర్డ్ ఒక గీత, చివర్న పచ్చి ఉల్లిపాయ ముక్కలు దండిగా. కెచప్ అడిగేవాళ్ళకి సీసా ఇచ్చి నువ్వు అటు తిరిగిపో.

మాంసం తినని పిల్లలు ఎవరైనా ఉంటే మీల్ మేకర్ సన్న రకం దొరుకుతుంది, వేణ్ణీళ్ళలో నానబెట్టి గట్టిగా పిండి, వేరే గిన్నెలో ఇవే మసాలాలతో ఇరవై నిమిషాలు ఉడికించు. దానికి కొవ్వు ఉండదు కాబట్టి ఒక చెంచా నూనె పడాలి. గరిటె కూడా వేరేది పెట్టు, అది మర్చిపోకు.

మిగిలితే ఫ్రిజ్‌లో మూడు నాలుగు రోజులు, ఫ్రీజర్‌లో అయితే రెండు నెలలు ఢోకా లేదు. సరుకులకి నా కార్డే వాడు, పార్టీ పేరుతో నీ పుస్తకాల డబ్బు ఖర్చు పెట్టకు. చేశాక గిన్నెలో గీత గీసి ఒక ఫోటో పెట్టు, చిక్కదనం చూసి చెప్తాను.

నాన్న