పాతబస్తీలో అపార్ట్‌మెంట్లు కట్టే తీరు మారాలి

సంపాదకులకు,

నేను కర్నూలు పాతబస్తీలో బేల్దారి మేస్త్రీని. కొండారెడ్డి బురుజు చుట్టుపక్కల సందుల్లో పాత మిద్దెలు కూల్చి అపార్ట్‌మెంట్లు లేపుతున్నారు. నాకూ పని దొరుకుతోంది కాబట్టి కట్టడమే తప్పనను. అన్నదమ్ముల వాటాలు తెగక పాడుబడిన ఇళ్లు ఎన్నాళ్లని అట్లే ఉంటాయి?

కట్టే తీరుతోనే నా పేచీ. ఈ మిద్దెల గోడలు రాయీ మట్టీ, మహా అయితే సున్నం. పునాది లోతు తక్కువ. పైగా చాలాచోట్ల రెండిళ్లకూ ఒకటే గోడ. పక్కన పిల్లర్ల గుంతలన్నీ జేసీబీతో ఒకేసారి తవ్వితే గోడ అడుగున మట్టి జారి నెర్రెలు బారుతుంది. గోడవారగా ఒక గుంత తవ్వి, కాంక్రీటు పోసి, అది గట్టిపడ్డాకే పక్కది ముట్టుకోవాలి. గోడకు దన్నుగా వాసాలు పెట్టాలి. రోజులు కొన్ని ఎక్కువ పడతాయి, అంతే. మొన్న ఒకచోట ఈ మాటంటే ‘నీకెందుకయ్యా టెన్షన్’ అన్నాడు బిల్డరు. ఆ గోడ పక్కన పడుకునేది ఒక ముసలమ్మ, ఆయన కాదు.

ఇంకోటి. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ పొంగి పాతబస్తీ మునిగింది. అయినా కరెంటు మీటర్లు, జనరేటర్లు కింద పార్కింగ్‌లోనే బిగిస్తున్నారు. వాటిని పైఅంతస్తులో పెట్టాలని ప్లాను మంజూరు చేసేటప్పుడే షరతు రాయాలి. పునాది తవ్వే రోజు మున్సిపల్ ఇంజనీరు ఒక పూటైనా సైటు దగ్గర నిలబడాలి.

– ఒక బేల్దారి మేస్త్రీ, పాతబస్తీ, కర్నూలు