కెప్టెన్ అల్ హేన్స్ పేరున ఒక మాక్ డ్రిల్: కేంద్ర పౌర విమానయాన మంత్రికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కేంద్ర పౌర విమానయాన శాఖ మంత్రి శ్రీ కింజరాపు రామ్మోహన్ నాయుడు గారికి,

నమస్కారం.

ఒక అమెరికన్ పైలట్ గురించి శ్రీకాకుళం ఎంపీకి తెలుగులో లేఖ ఎందుకని ఎవరైనా అడగవచ్చు. ఆ పైలట్ చివరి దాకా చెబుతూ వచ్చిన "సన్నద్ధత" అనే ఒక మాట మన విమానాశ్రయాలకూ, వాటి చుట్టూ ఉన్న ఊళ్లకూ ఈ రోజు చాలా అవసరం. అందుకే రాస్తున్నాను. ఆయన పేరు కెప్టెన్ అల్ హేన్స్. 2019 ఆగస్టు 25న, 87 ఏళ్ల వయసులో సియాటిల్‌లో కన్నుమూశారు.

హేన్స్ 1931లో టెక్సస్ రాష్ట్రంలోని పారిస్ అనే పట్టణంలో పుట్టారు. 1952లో నౌకాదళ వైమానిక శిక్షణలో చేరి మెరైన్ కోర్ పైలట్ అయ్యారు. 1956లో సైనిక సేవ ముగించుకుని యునైటెడ్ ఎయిర్‌లైన్స్‌లో చేరారు. ఆ తర్వాత 33 ఏళ్లు ఆయన పేరు ఏ పత్రికకూ ఎక్కాల్సిన అవసరం రాలేదు. ప్రయాణికులను ఎక్కించుకోవడం, క్షేమంగా దించడం. పైలట్ వృత్తికి అంతకు మించిన గౌరవం లేదని నా నమ్మకం. తీరిక దొరికితే పిల్లల బేస్‌బాల్ పోటీలకు అంపైరుగా నిలబడేవారు, బడి పిల్లల ఫుట్‌బాల్ ఆటలకు మైకు పట్టుకుని వ్యాఖ్యానం చెప్పేవారు.

1989 జులై 19న ఆయన నడుపుతున్న డీసీ-10 విమానం 296 మందితో డెన్వర్ నుంచి షికాగోకు బయలుదేరింది. 37 వేల అడుగుల ఎత్తున తోక దగ్గరి ఇంజిన్‌లో ఫ్యాన్ డిస్క్, అంటే ఫ్యాన్ రెక్కలను పట్టి ఉంచే చక్రం, పగిలిపోయింది. ఆ ముక్కలు, ద్రవ ఒత్తిడితో విమానాన్ని అదుపు చేసే మూడు హైడ్రాలిక్ వ్యవస్థలనూ తెగ్గొట్టాయి. ఒకటి పోతే ఇంకొకటి ఉంటుందని మూడు పెట్టారు, మూడూ ఒకేసారి పోయాయి. విమానాన్ని తిప్పడానికి రెక్కల మీద, తోక మీద ఉండే కదిలే పలకలేవీ పైలట్ మాట వినని స్థితి. అలాంటి పరిస్థితికి ఏ పుస్తకంలోనూ సూచనలు లేవు.

మిగిలినవి రెక్కల కింద చెరో ఇంజిన్. ఒకదాని బలం పెంచి, ఇంకోదాని బలం తగ్గించి విమానాన్ని తిప్పాలి. ప్రయాణికుల్లో డెన్నిస్ ఫిచ్ అనే శిక్షకుడైన పైలట్ ఉన్నారు. సాయం చేస్తానని కబురు పంపితే హేన్స్ వెంటనే లోపలికి పిలిచారు. అంతకు ముందు పరిచయం లేని మనిషికి థ్రాటిల్స్, అంటే ఇంజిన్ల బలం పెంచి తగ్గించే మీటలు, అప్పగించారు. ఫిచ్ కాక్‌పిట్ నేల మీద మోకాళ్లూని వాటిని పట్టుకున్నారు. దాదాపు 30 వేల గంటలు విమానం నడిపిన కెప్టెన్, "నాకే తెలుసు" అని పంతం పట్టి ఉంటే ఆ రోజు ఏమయ్యేదో ఊహించడానికే భయం వేస్తుంది. పాత రోజుల్లో కెప్టెన్ మాటే శాసనంగా ఉండేదని, యునైటెడ్ సంస్థ ఇచ్చిన సిబ్బంది సమన్వయ శిక్షణే తన తీరు మార్చిందని ఆయన తర్వాత ఎన్నో సభల్లో ఒప్పుకున్నారు.

అయోవా రాష్ట్రంలోని సూ సిటీ దగ్గర పడుతోంది. ఏ రన్‌వే మీదైనా దిగవచ్చని అక్కడి విమానాశ్రయ కంట్రోలర్ చెబితే హేన్స్ నవ్వి, "అంటే రన్‌వే మీదే దిగాలని మీ పట్టుదలా?" అన్నారు. వాడుకలో లేని పాత రన్‌వే మీద విమానం నేలను తాకింది, రెక్క ఒరిగింది, ముక్కలై పక్కనున్న మొక్కజొన్న చేలోకి దొర్లింది. నిలువెత్తు పైరును తోసుకుంటూ మనుషులు నడిచి బయటికి వచ్చారు. కాక్‌పిట్ ఎంతగా నలిగిపోయిందంటే, అందులో హేన్స్, ఫిచ్ సహా నలుగురు ప్రాణాలతో ఉన్నారని గుర్తించడానికి అరగంటకు పైగా పట్టింది. 112 మంది చనిపోయారు. 184 మంది బతికారు. ఆ విమానంలో ఒక్కరు బతికినా గొప్పే అనుకునే పరిస్థితి అది.

మంత్రి గారూ, హేన్స్ గొప్ప పైలట్ అని చెప్పడానికే అయితే ఈ లేఖ అక్కర్లేదు. వీరుడని పిలిస్తే ఆయన ఒప్పుకునేవారు కాదు. 1991లో 60 ఏళ్లకు పదవీ విరమణ చేశాక ఊరూరా తిరిగి ప్రసంగించారు. 184 మంది బతకడానికి అదృష్టం, సమాచారం, సన్నద్ధత, అమలు, సహకారం అనే ఐదూ కారణమనేవారు. ఆ జాబితాలో తన నైపుణ్యం లేదు. చనిపోయిన 112 మందిని మాత్రం ఆయన చివరి దాకా మోశారు. తర్వాతి కాలంలో కొడుకునూ భార్యనూ పోగొట్టుకున్నారు. కూతురి ఎముక మజ్జ మార్పిడికి డబ్బు కావలసి వచ్చినప్పుడు సాయం పంపినవారిలో ఆ విమానం నుంచి బతికి బయటపడ్డవారు కూడా ఉన్నారు.

నేను ఆగేది ఆ "సన్నద్ధత" దగ్గర. ప్రమాదానికి రెండేళ్ల ముందు, 1987లో, సూ సిటీలో ఒక మాక్ డ్రిల్ జరిగింది. తమ విమానాశ్రయానికి మామూలుగా రానే రాని పెద్ద విమానం కూలితే ఏం చేయాలన్నది అందులో ప్రశ్న. లోటుపాట్లు బయటపడ్డాయి. చుట్టుపక్కల చిన్న ఊళ్ల అంబులెన్సులు, అగ్నిమాపక బండ్లు కూడా కలిసి రావాలని తేలింది, ఆ మేరకు ప్రణాళిక మారింది. నిజంగా విమానం వచ్చి పడిన రోజున ఎవరి పని ఏమిటో అందరికీ తెలుసు. ఆసుపత్రుల్లో షిఫ్టు మారే వేళ కావడం, ఎయిర్ నేషనల్ గార్డ్ అనే అమెరికా రిజర్వు వైమానిక దళ సిబ్బంది ఆ రోజు విమానాశ్రయంలోనే ఉండడం అదృష్టం. మిగతాది కూర్చుని ఆలోచించి చేసుకున్న పని. అది లేకపోతే ఇల్లు కాలుతుండగా బావి తవ్వడమే.

మన దగ్గర సంగతి చూడండి. 2020 ఆగస్టు 7న కోజికోడ్‌లో విమానం రన్‌వే దాటి లోయలోకి జారి 21 మంది చనిపోయినప్పుడు, వానలో, కరోనా భయం మధ్య, విమానాశ్రయం పక్కనున్న కొండోట్టి ప్రజలు పరుగెత్తుకొచ్చారు. సొంత వాహనాల్లో క్షతగాత్రులను ఆసుపత్రులకు చేర్చారు, రక్తం ఇవ్వడానికి వరుస కట్టారు. 2025 జూన్ 12న అహ్మదాబాద్‌లో విమానం విమానాశ్రయ ప్రహరీ బయట, వైద్య విద్యార్థుల హాస్టల్ భవనాల మీద పడింది. 260 మందిని పోగొట్టుకున్నాం. మీరు ఆ చోటుకు స్వయంగా వెళ్లారు. ప్రమాదం ప్రహరీ లోపలే జరగాలని రాసి లేదు. అలాంటప్పుడు సాధన ప్రహరీ లోపలే ఎందుకు ఆగాలి?

అంతర్జాతీయ నిబంధనల ప్రకారం విమానాశ్రయాల్లో రెండేళ్లకు మించని వ్యవధిలో పూర్తి స్థాయి అత్యవసర డ్రిల్ జరగాలి. నేను కోరేది దాన్ని ఊళ్లలోకి తీసుకురమ్మని. గన్నవరంలో డ్రిల్ అంటే జాతీయ రహదారి మీది ట్రాఫిక్ పోలీసులు, 108 సిబ్బంది, చుట్టుపక్కల ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలు, పంచాయతీలు అందులో ఉండాలి. భోగాపురంలో అయితే తీరంలోని మత్స్యకార గ్రామాలను కలుపుకోవాలి. సముద్రంలో ప్రమాదం జరిగితే ముందుగా చేరేది వారి పడవలే. మధురపూడి, కడప, ఓర్వకల్లు, శంషాబాద్, ఎక్కడైనా ఇదే పద్ధతి. గాయపడ్డ మనిషిని ఎలా ఎత్తాలి, ఇంధనం చిమ్మిన చోటికి ఎందుకు వెళ్లకూడదు, దారి ఎవరికి వదలాలి అన్న మూడు విషయాలు తెలిసినా కోజికోడ్ లాంటి రాత్రుల్లో ఊరివాళ్ల సాహసం ఇంకా ఎక్కువ ప్రాణాలకు అక్కరకొస్తుంది.

డ్రిల్‌లో దొరికిన లోపాలను ఆ ప్రాంత భాషలో ప్రచురించండి. అంతా సజావుగా జరిగిందన్న ప్రకటన ఎవరికీ పనికిరాదు. ఏ అంబులెన్సు ఎంత ఆలస్యమైంది, ఏ గేటు తాళం తెరుచుకోలేదు, ఏ ఆసుపత్రికి కబురు అందలేదు అన్నవే పనికొస్తాయి.

ఇంకొక కోరిక. వైమానిక దళంలో పనిచేసి, ఆ తర్వాత విమాన సంస్థల్లో కెప్టెన్లుగా ఉండి పదవీ విరమణ చేసినవారు మన దేశంలో ఎందరో ఉన్నారు. దుండిగల్ అకాడమీలో రెక్కలు తొడుక్కున్నవారు వారిలో ఉన్నారు. విశ్రాంతి తీసుకునే వయసులో హేన్స్ ఊరూరా తిరిగినట్టు, పిలిస్తే వీరూ వస్తారు. డ్రిల్‌ను గమనించి మొహమాటం లేకుండా తప్పులెత్తిచూపే బాధ్యత వారికి ఇవ్వండి. వారి అనుభవం ఇంటి గోడ మీది పతకాల దగ్గరే ఆగిపోకూడదు.

మొదటిది భోగాపురంలో చేయండి. అది మీ ఉత్తరాంధ్ర. ఆ డ్రిల్‌కు మామూలు విమానం కంటే పెద్ద విమానాన్ని ఊహించుకోండి, సూ సిటీ వాళ్లు ఊహించుకున్నట్టే. తేదీ ప్రకటిస్తే చుట్టుపక్కల గ్రామాల యువకులను పోగుచేయడానికి మాలాంటివాళ్లం సిద్ధంగా ఉన్నాం.

ఇట్లు,
భవదీయుడు,
ఒక విమాన ప్రయాణికుడు