ఆగుతుంది సరే, ఎక్కడ ఆగిందో చూసిందెవరు?

సంపాదకుల వారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ అనుబంధంలో ప్రోటాన్ చికిత్స మీద, అంటే క్యాన్సర్ గడ్డను ప్రోటాన్ కణాల కిరణంతో కొట్టే వైద్యం మీద, అరపేజీ వ్యాసం వేశారు. మంచిపనే. మా జిల్లాలో ఆ పేరు విన్నవాళ్లే తక్కువ. కానీ అందులో ఒక వాక్యం దగ్గర నాకు ముద్ద దిగలేదు. కిరణం గడ్డలోకి పోయి కచ్చితంగా అక్కడే ఆగిపోతుందనీ, అవతల ఉన్న భాగానికి చీమ కుట్టినంత నొప్పి కూడా ఉండదనీ రాశారు. ఆగుతుందన్న మాట నిజమే. నా పేచీ అంతా ఆ ‘కచ్చితంగా’ మీదనే.

నేను 31 ఏళ్లు సర్కారు దవాఖానల్లో ఎక్స్‌రేలు తీసినవాణ్ణి. దేవరకొండలో చేరి నల్లగొండలో రిటైరైన. నా చదువు డిప్లొమా వరకే. అయినా ఇంత ధైర్యంగా ఎందుకు రాస్తున్నానంటే, మా చెల్లె మనుమరాలికి, ఎనిమిదేళ్ల పిల్లకు, ముక్కు వెనుక భాగంలో గడ్డ తేలింది. రాబ్డోమయోసార్కోమా అంటారట, పిల్లల్లో వచ్చే ఒక రకం క్యాన్సర్. కీమో నడుస్తుండగానే చెన్నై తీసుకపోయి 28 సార్లు ప్రోటాన్ పెట్టించినం. ఆ ఐదారు వారాలూ నేను నల్లగొండలో కూర్చుని ఫోన్లోనే డాక్టరు చదువు చదివిన.

నాలుగో వారంలో పిల్లకు జలుబు చేసింది. మామూలు జలుబే. మర్నాడు పొద్దున కిరణం పెట్టకుండా మళ్లా సీటీ తీయాలన్నరట. మా మేనకోడలు నాకు ఫోన్ చేసి, “మామా, మొన్ననే తీసిన్రు గద, మళ్ల స్కానింగేంది? పిల్లకు ఏమన్న ముదిరిందా?” అని ఏడుపు. నాకూ గుండె దడదడలాడింది. అక్కడ తెలుగు తెలిసిన ఒక ఫిజిసిస్టు, అంటే కిరణం లెక్కలు కట్టే ఆయన, ఉన్నాడు. ఫోన్ అతని చేతికిమ్మన్న. “ఏం లేదు సార్, ముక్కు పక్క గదుల్లో నిన్నటిదాకా గాలి ఉంది, ఇవాళ చీమిడి నిండింది. నా లెక్క మారిపోయింది” అన్నాడు. అంతే. ఆ ఒక్క ముక్కతో నాకు సగం విషయం అర్థమైంది.

ప్రోటాన్ ఒంట్లోకి దూరి ఎంత దూరం పోతుందన్నది దాని వేగాన్ని బట్టీ, దారిలో ఏం తగిలిందన్న దాన్ని బట్టీ ఉంటుంది. 150 మెగా ఎలక్ట్రాన్ వోల్టుల (ఇది కణం శక్తికి కొలత) ప్రోటాన్ నీళ్లలో సుమారు 16 సెంటీమీటర్లు పోయి ఆగుతుంది. పోయేటప్పుడు కొద్దికొద్దిగా శక్తి వదులుతూ, ఆగబోయే చోట ఒక్కసారిగా దించేస్తుంది. రేడియం ఆల్ఫా కణాల్లో ఈ తీరును విలియం బ్రాగ్ 1904లోనే చూశాడు. ఇది వైద్యానికి పనికొస్తుందని రాబర్ట్ విల్సన్ 1946లో రాశాడు, బర్క్‌లీలో 1954లో మొదటిసారి మనిషికి వాడారు. అయితే దారిలో రెండు సెంటీమీటర్ల గాలి ఉంటే ప్రోటాన్‌కు అది లేనట్టే లెక్క. అదే జాగాలో చీమిడి నిండితే రెండు సెంటీమీటర్ల నీళ్లు అడ్డమొచ్చినట్టు. కిరణం అంత ముందే ఆగిపోతుంది. అంటే గడ్డ వెనుక కొసకు మందు అందదు. జలుబు తగ్గి మళ్లా గాలి నిండితే, కొత్త లెక్కతో పంపిన కిరణం అంత దూరం అవతలికి, మెదడు కాండం (మెదడును వెన్నుపాముతో కలిపే భాగం) వైపు పోతుంది.

ఎక్స్‌రే మనిషిని నేను. నాకు అన్నిటికన్నా వింతగా తోచింది ఇంకొకటి. ఎక్స్‌రే ఒంట్లోంచి దూసుకుని ఆ పక్కకు వస్తేనే మా ప్లేటు మీద బొమ్మ పడేది. బయటికి రానిదేదీ నాకు కనబడదు. ప్రోటాన్ గొప్పంతా బయటికి రాకపోవడంలోనే ఉంది. ఆ గొప్పే దాని ఇబ్బంది కూడా. లోపలే ఆగిపోయినదాన్ని ఎట్ల పట్టుకుంటావు? సీటీ చూసి, ఏ కణజాలం ఎంత అడ్డుకుంటుందో పట్టిక వేసి, ఇక్కడ ఆగుతుందని లెక్క కడతారు. మంచి లెక్కే, కానీ లెక్క. వాళ్లకూ తెలుసు కాబట్టే చాలా కేంద్రాల్లో కిరణం పోయే లోతుకు మూడున్నర శాతం, పైన ఒకటి నుంచి మూడు మిల్లీమీటర్లు అదనంగా విడిచిపెడతారు. 20 సెంటీమీటర్ల లోతు గడ్డకు అది దగ్గరదగ్గర ఒక సెంటీమీటరు. ఆ సెంటీమీటరు మంచి కండే. మెదడు కాండం లాంటి నాజూకైన భాగానికి నేరుగా ఎదురుగా కిరణాన్ని గురిపెట్టి ‘దాని ముందర ఆగుతుందిలే’ అని నమ్మరు, పక్క నుంచి పెడతారు. ప్రోటాన్‌కున్న బలమైన గుణాన్ని పూర్తిగా వాడుకోలేక ఒదిగి నడుస్తున్నారన్నమాట.

మన నల్లగొండ వాళ్లకు దీన్ని బోరు బండితో చెప్తే తెలుస్తుంది. కొబ్బరికాయ అరచేతిలో పెట్టుకుని పాయింటు చూసేవాడు ఒకడు, మిషన్ పెట్టి చూసే సారు ఒకడు, ఇద్దరూ లోతు చెప్తారు. కానీ బండి నడిపేవాడు వాళ్ల మాట మీద ఆగడు. పైకి ఎగజిమ్మే పొడిని దోసిట్లో పట్టి చూస్తాడు. ఎర్రమట్టి పోయి తెల్ల పొడి వచ్చిందా, నల్లబండ తగిలిందా, పొడి తడిసిందా అని. లోపల ఏం జరుగుతున్నదో చెప్పేది ఆ పొడే.

ప్రోటాన్‌కు అటువంటి పొడి గామా కిరణాలు, ఎక్స్‌రే లాంటివే కానీ ఇక్కడ దానికన్నా ఎంతో శక్తి గలవి. ప్రోటాన్ పోతూ పోతూ మన ఒంట్లోని కార్బన్, ఆక్సిజన్ కేంద్రకాలను గుద్దుతుంది. అవి కదిలిపోయి, సెకనులో వంద కోట్లో వంతు కూడా కాకముందే గామా కిరణం వదిలి సర్దుకుంటాయి. కార్బన్‌ది 4.44 మెగా ఎలక్ట్రాన్ వోల్టులు, ఆక్సిజన్‌ది 6.13. ప్రోటాన్ ఆగడానికి రెండు మూడు మిల్లీమీటర్ల ముందు ఈ గామా సద్దుమణుగుతుంది. బయట నిలబడి, ఒంట్లో ఎక్కడి దాకా గామా వచ్చింది, ఎక్కడ తెగిపోయింది అని చూస్తే కిరణం కొస దొరికినట్టే.

పెద్ద దవాఖానల్లో ఎముకల స్కాన్‌కు, థైరాయిడ్‌కు వాడే గామా కెమెరా ఉంది గదా, దాన్నే తెచ్చి పెట్టొచ్చు గదా అని నేనూ అడిగిన. కుదరదు. అది స్కాన్ కోసం ఒంట్లోకి ఎక్కించే టెక్నీషియం అనే రేడియోధార్మిక పదార్థం నుంచి వచ్చే 140 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల గామాకు కట్టిన కెమెరా. ఇక్కడొచ్చేది దానికి ముప్పై నలభై రెట్ల శక్తి. ముందరుండే సీసపు జల్లెడను లెక్కచేయకుండా దూసుకుపోతుంది. అందుకని మందపాటి టంగ్‌స్టన్ దిమ్మెలో కత్తి అంచులా సన్నని చీలిక తీసి, వెనక స్ఫటికాలు పేర్చిన కెమెరా తయారుచేశారు. జర్మనీలోని డ్రెస్డెన్‌లో 2015లో మొదటిసారి చికిత్స తీసుకుంటున్న రోగి పక్కన దాన్ని పెట్టి చూశారు. అమెరికాలో బోస్టన్ వాళ్లు గామా ఏ శక్తితో వచ్చిందో విడదీసి చూసే పద్ధతి మీద పని చేస్తున్నారు. ఒక్కో చుక్క కిరణం కొన్ని మిల్లీసెకన్లే ఉంటుంది, చేతికి దొరికే గామా కొంచెం, పైగా న్యూట్రాన్ల గోల. అందుకే ఇది ఇప్పటికీ చాలాచోట్ల పరిశోధన గదిలోనే ఉంది. చికిత్స అయ్యాక పెట్ స్కాన్‌లో చూసే దారి ఒకటుంది గానీ, అందులో పనికొచ్చే ఆక్సిజన్-15, అంటే కిరణం తగిలి ఒంట్లో పుట్టే రేడియోధార్మిక ఆక్సిజన్, రెండు నిమిషాలకు సగమైపోతుంది. రోగిని బల్ల దించి ఇంకో గదికి తోసుకుపోయేసరికి మిగిలేదెంత!

మా వైపు సంగతి ఒకటి దీంట్లో కలిపి చెప్పాలె. మర్రిగూడ, చండూరు దిక్కు నుంచి వచ్చే పాతకాలపు మనుషులకు వెన్ను ఎక్స్‌రే తీసిననాడు ఎముక సుద్దముక్క లెక్క తెల్లగా వచ్చేది. ఫ్లోరైడ్ నీళ్లు తాగిన ఎముకలు. మామూలు మనిషికి పెట్టే కేవీ (ఎక్స్‌రే బలాన్ని నిర్ణయించే వోల్టేజీ) సరిపోయేది కాదు, పెంచి తీసేవాళ్లం. ఇప్పుడు కృష్ణా నీళ్లొచ్చినయి గానీ ఆ ఎముకలు ఆ మనుషుల్లోనే ఉన్నయి. ప్రోటాన్ లెక్క కట్టే పట్టిక మామూలు ఎముకను బట్టి తయారైంది. రేపు మర్రిగూడ ముసలాయనకు వెన్ను దగ్గర ప్రోటాన్ పెట్టాల్సి వస్తే, పట్టిక మీద ఒక్కదాని మీదనే ఆనుకోకుండా గామాతో ఒకసారి చూసుకోండని నా మనవి. ఇది శాస్త్రవేత్తలకు చెప్పేంతటి వాణ్ణి కాను. కానీ ఆ ప్లేట్లు కడిగిన చేతులివి.

దేశంలో ఈ చికిత్స చెన్నైలో 2019లో, నవీ ముంబై దగ్గర ఖార్ఘర్‌లోని టాటా మెమోరియల్ కేంద్రంలో 2023లో మొదలైంది. రేపు మన రాష్ట్రంలోనూ వస్తుంది. వచ్చిననాడు మీ విలేకరి రిబ్బన్ కట్ చేసిన ఫొటోతో సరిపెట్టకుండా, కిరణం ఎక్కడ ఆగిందో మీరెట్ల చూస్తున్నారని ఒక్క ప్రశ్న అడగాలని కోరుతున్న. రేడియేషన్ కొలిచే పరికరాలు చేసే ఈసీఐఎల్ మన హైదరాబాదులోనే ఉంది గదా, వాళ్లనూ అడగండి.

చికిత్స మీద నాకు నమ్మకం లేక రాస్తున్న ఉత్తరం కాదిది. పిల్ల ఇంటికొచ్చింది, మూడో తరగతి పుస్తకాలు మళ్లా తెరిచింది. జలుబు చేసిన రోజు మళ్లా సీటీ తీసిన ఆ ఫిజిసిస్టుకు దండం. కానీ ‘కచ్చితంగా’ అని మీరు రాసిన మాట చదివిన తల్లి ఎవరైనా, రెండోసారి స్కానింగ్ అంటే మా మేనకోడలి లెక్కనే బెదిరిపోతుంది.

ఇంకొక చిన్న సవరణ. వ్యాసం పైన వేసిన ఫొటో ప్రోటాన్ మిషన్‌ది కాదు, ఎంఆర్‌ఐది. ప్రోటాన్ గాంట్రీ, అంటే కిరణాన్ని రోగి చుట్టూ తిప్పే చట్రం, మూడంతస్తుల ఎత్తుంటుంది, రోగికి కనబడేది దాని మూతి మాత్రమే.

ఇట్లు,
ఒక విశ్రాంత రేడియోగ్రాఫర్,
రామగిరి, నల్లగొండ