డిస్క్ మీరు ఉంచుకోండి, ల్యాప్‌టాప్ పిల్లలకివ్వండి: మంత్రి గారికి బహిరంగ లేఖ

రాష్ట్ర విద్య, ఐటీ శాఖల మంత్రి గారికి,

నమస్కారం. విజయవాడ గవర్నరుపేటలో పంతొమ్మిదేళ్లుగా ల్యాప్‌టాప్‌లు రిపేరు చేస్తున్నాను. అడగదలచుకున్నది ముందే చెప్పేస్తాను. ప్రభుత్వ ఆఫీసుల్లో పనికిరావని కండెమ్ చేసిన పాత ల్యాప్‌టాప్‌లను స్క్రాప్ కింద వేలం వేయకండి. వాటిలోంచి హార్డ్ డిస్క్ తీసేసుకుని, మిగిలిన మిషన్‌ను సర్కారు బడికో, హాస్టల్‌కో, ఊరి గ్రంథాలయానికో ఇవ్వండి. డిస్క్ లేకపోయినా అది పనిచేస్తుంది.

ఈ సంగతి నాకు పుస్తకాల వల్ల తెలియలేదు, బుడమేరు వరద వల్ల తెలిసింది. 2024 సెప్టెంబరు మొదట్లో సింగ్‌నగర్, పాయకాపురం, వాంబే కాలనీ మునిగిపోయాయి. నీళ్లు తీశాక బురద పట్టిన ల్యాప్‌టాప్‌లు సంచుల్లో, బకెట్లలో మా దుకాణానికి వచ్చాయి. విప్పాం, కడిగాం, ఆరబెట్టాం. చాలావాటికి ప్రాణం రాలేదు. కొన్నింటికి మాత్రం బోర్డు బతికి, డిస్క్ పోయింది. బియ్యం దగ్గర్నుంచి పరుపుల దాకా అన్నీ మళ్లీ కొనుక్కోవాల్సిన మనిషితో కొత్త డిస్క్ (ఎస్‌ఎస్‌డీ) వేయిద్దామని చెప్పడానికి నాకు నోరు రాలేదు.

పాయకాపురం నుంచి ఒక డిగ్రీ అమ్మాయి వాళ్లమ్మను వెంటబెట్టుకుని వచ్చింది. ఆ తల్లి కుట్టుపని చేస్తుంది. కుట్టుమిషన్ కూడా నీళ్లపాలైంది. అమ్మాయికేమో ప్రాజెక్టు రిపోర్టు టెన్షన్. వాళ్ల ల్యాప్‌టాప్ 2011 నాటి ఐ3 ప్రాసెసర్‌ది, 4 జీబీ ర్యామ్. పాడైన డిస్క్ తీసి పక్కనపెట్టి, 32 జీబీ పెన్‌డ్రైవ్‌లో విండోస్ బదులు వాడుకునే ఉచిత సిస్టమ్ లినక్స్‌లో యాంటీఎక్స్ అనే తేలికపాటి రకం ఎక్కించి, దాంతోనే మిషన్‌ను స్టార్ట్ (బూట్) చేసి చూపించాను. తెర మీద అక్షరాలు రాగానే వాళ్లమ్మ అడిగింది: "డిస్కు లేకుండా ఎట్టా నడుస్తంది తమ్ముడూ?"

ఆమెకు చెప్పిందే ఇక్కడా రాస్తున్నాను. మీకు తెలిసిన విషయమే కావచ్చు, ఈ ఉత్తరం చదివే మిగతావాళ్ల కోసం. బీరువాలో మడతపెట్టిన గుడ్డను బల్ల మీద పరిచి కత్తిరిస్తాం, పని అయ్యాక మళ్లీ మడతపెట్టి లోపల పెడతాం. పెన్‌డ్రైవ్ ఆ బీరువా, ర్యామ్ ఆ బల్ల. సిస్టమ్ మొత్తం పెన్‌డ్రైవ్‌లో బాగా కుదించిన ఒకే ఫైలుగా ఉంటుంది. పప్పీ లినక్స్ లాంటి చిన్నవైతే మొత్తంగా ర్యామ్‌లోకి వెళ్లిపోతాయి, ఆ తర్వాత పెన్‌డ్రైవ్ పీకేసినా పని ఆగదు. ఆస్ట్రేలియాకు చెందిన బారీ కౌలర్ 2003లో మొదలుపెట్టిన పప్పీ ఈనాటికీ కొన్ని వందల ఎంబీలే. యాంటీఎక్స్ అయితే కావలసినంత మేరకే చదువుకుంటుంది. మనం చేసిన మార్పులను ర్యామ్‌లో ఉంచుకుని, ఆపేటప్పుడు పెన్‌డ్రైవ్‌లో రాసేలా పెట్టుకోవచ్చు. ఇలా పెట్టడానికి కారణముంది. ఫ్లాష్ మెమరీలో ఒక్కో గదిని ఇన్నిసార్లే చెరిపి రాయగలం, లెక్క దాటితే అది చచ్చిపోతుంది. అస్తమానం రాయనివ్వకపోతే మామూలు పెన్‌డ్రైవ్ కూడా చాలాకాలం వస్తుంది. ఆ అమ్మాయి లిబ్రేఆఫీస్‌లో రిపోర్టు పూర్తి చేసి, అదే పెన్‌డ్రైవ్‌తో ఏడు నెలలు నెట్టుకొచ్చి, తర్వాత తీరిగ్గా ఎస్‌ఎస్‌డీ వేయించుకుంది.

ఇప్పుడు ఆఫీసుల సంగతి. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మామూలు సపోర్టు ఆగిపోయింది. విండోస్ 11 కావాలంటే టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు ఉండాలి, ఇంటెల్ ప్రాసెసర్ అయితే దాదాపుగా ఎనిమిదో తరం, ఆపైవే కావాలి. దాంతో తెర, కీబోర్డు, బోర్డు అన్నీ బాగున్న మిషన్లు కూడా పనికిరానివాటి జాబితాలో పడుతున్నాయి. ఆమధ్య ఒక ఆఫీసుకు వెళ్లి, మూలన పేర్చిన ల్యాప్‌టాప్‌లను పక్కనున్న హాస్టల్‌కు ఇప్పించమని అడిగాను. అక్కడి అధికారి మర్యాదగానే మాట్లాడారు. "ఇవ్వాలనే ఉందండీ. కానీ లోపల జనం వివరాలున్న ఫైళ్లుంటాయి. రేపు అవి బయటికొస్తే జవాబు చెప్పాల్సింది నేనే. పైగా ఇమ్మని ఆర్డర్ కూడా లేదు," అన్నారు. నాకాయన మీద కోపం రాలేదు. ఆ భయం సరైనదే.

కానీ ఆ ఫైళ్లుండేది డిస్క్‌లో. అడుగున నాలుగైదు స్క్రూలు తీస్తే అది చేతిలోకి వస్తుంది. స్టాక్ రిజిస్టర్‌లో రాసుకుని, అధికారి కళ్లముందే దాన్ని పగలగొట్టించండి. ఇన్నాళ్లూ డిస్క్ లేని ల్యాప్‌టాప్ ఎవరికీ అక్కర్లేదు కాబట్టి ఈ దారి ఎవరికీ తోచలేదు. పెన్‌డ్రైవ్‌తో నడిచేదానికి ఆ ఇబ్బంది లేదు. కొన్ని చవక మోడళ్లలో మాత్రం డిస్క్‌కు బదులు ఫైళ్లు దాచే మెమరీ బోర్డుకే అతికి ఉంటుంది. వాటిని ఇవ్వొద్దు.

ఇందులో చిక్కులు లేవని నేను అనను. బ్యాటరీ చచ్చిన మిషన్‌లో కరెంటు పోతే, ర్యామ్‌లో ఉన్నది ఉన్నట్టే పోతుంది. కాబట్టి మధ్యమధ్యలో పెన్‌డ్రైవ్‌లోకి సేవ్ చేయడం పిల్లలకు మొదటిరోజే నేర్పాలి. కొన్ని పాత వైఫై కార్డులకు విడిగా ఫర్మ్‌వేర్ (కార్డును నడిపించే చిన్న సాఫ్ట్‌వేర్) ఎక్కించాలి. 32 బిట్ ప్రాసెసర్లున్న పాతకాలపు మిషన్లకు కాలం చెల్లుతోంది, డెబియన్ అనే లినక్స్ కూడా 2025లో వచ్చిన 13వ వెర్షన్‌లో వాటికి ఇన్‌స్టాలర్ ఇవ్వలేదు. అందుకని 64 బిట్‌వే ఎంచుకోవాలి. అన్నింటికంటే నన్ను ఎక్కువగా విసిగించింది నకిలీ పెన్‌డ్రైవ్‌లు. పైన 64 జీబీ అని ఉంటుంది, లోపల 8 కూడా ఉండదు. నిండేదాకా రాసి, తిరిగి చదివి చూస్తే తప్ప బయటపడదు. టెండర్ పిలిస్తే ఆ పరీక్షను షరతుగా పెట్టండి. ఇంకో చిన్న మాట: గోరంత పొడవుండే పొట్టి పెన్‌డ్రైవ్‌లే కొనండి. పొడుగువి బయటికి పొడుచుకొచ్చి, పిల్లల మోచేయి తగిలి పోర్టుతో సహా విరుగుతాయి.

మనం కొత్తగా కనిపెట్టాల్సింది కూడా ఏమీ లేదు. కేరళలో 2001లో మొదలైన ఐటీ ఎట్ స్కూల్, ఇప్పటి కైట్, బడుల కోసం సొంతంగా లినక్స్ తయారుచేసి నడుపుతోంది. కేంద్ర ప్రభుత్వ సంస్థ సీడాక్ చెన్నై నుంచి 2007 మొదలు బాస్ అనే లినక్స్ ఇస్తోంది. తెలుగులో స్వేచ్ఛ సంస్థవాళ్లు ఏళ్లుగా ఈ పని మీదే ఉన్నారు. మండలి, గిడుగు లాంటి ఫాంట్లు ఉచితంగా దొరుకుతున్నాయి. తెలుగులో టైప్ చేసే ఏర్పాటు, పాఠ్యపుస్తకాల పీడీఎఫ్‌లు ముందే ఎక్కించి ఒక్క పెన్‌డ్రైవ్ సిద్ధం చేస్తే, మిగతావన్నీ దాని నకళ్లే. నకళ్లు తీయడం, మిషన్లు పరీక్షించడం పాలిటెక్నిక్, ఐటీఐ పిల్లలకు ప్రాక్టికల్‌గా ఇవ్వొచ్చు. వాళ్లకు నిజమైన మిషన్ విప్పే అవకాశం దొరుకుతుంది.

1935లో గుంటూరు జిల్లా పెదపాలెం నుంచి పాతూరి నాగభూషణం గారు కాలువ మీద పడవలో పుస్తకాలు పంపి, రేవు రేవునా జనం చేత చదివించారు. ఈ జిల్లాల్లో గ్రంథాలయాలకు అలాంటి చరిత్ర ఉంది. డీఎస్సీకి, గ్రూప్స్‌కు చదివే పిల్లలు ఇప్పటికీ పొద్దున్నే వచ్చి అక్కడే కూర్చుంటున్నారు. మాక్ టెస్ట్ రాయడానికి ఫోను తెర చాలక నెట్ సెంటర్‌కు డబ్బు కడుతున్నారు. ఈ ల్యాప్‌టాప్‌లను ముందు వాళ్ల బల్లల మీద పెట్టించండి.

డిస్క్ తీసి మిషన్ ఇవ్వొచ్చని ఒక జీవో, కండెమ్ చేసేముందు 64 బిట్ అవునో కాదో, యూఎస్‌బీతో బూట్ అవుతుందో లేదో చూడాలని అందులోనే ఒక వాక్యం. నేను కోరేది ఇంతే. ఎన్టీఆర్, గుంటూరు జిల్లాల్లో మొదలుపెడితే ఆదివారాలు నా స్క్రూడ్రైవర్లు తీసుకుని, ఎక్కడికి రమ్మంటే అక్కడికి వస్తాను. కూలి అక్కర్లేదు.

ఇట్లు,
ఒక ల్యాప్‌టాప్ మెకానిక్,
గవర్నరుపేట, విజయవాడ