శుక్రవారం పొద్దున అద్దె ఎవరు కడతారు?

రాజమండ్రి,
ఆదివారం రాత్రి

అమ్ములూ,

నువ్వు ఫోన్‌లో నీ సినిమాకి ఎనిమిది లక్షలు కావాలని అనగానే "ఉండు, అమ్మకిస్తున్నా" అని తప్పించుకున్నాను. కోపమొచ్చి కాదు. ఎనిమిది లక్షలంటే ఫోన్‌లో ఔననో కాదనో తేల్చే మాట కాదు. నాకు నోటి మాట కంటే కాగితం మీద లెక్క నయం. ముప్పై ఏళ్లు డీసీఆర్‌లు, అదే హాలు రోజువారీ వసూళ్ల లెక్కలు, రాసిన చెయ్యి ఇది.

నువ్వు పంపిన బడ్జెట్ రెండుసార్లు చదివాను. మొత్తం 34 లక్షలు. కెమెరా అద్దె, లెన్సులు, రెండు రోజుల డ్రోను, గోదావరి లంకలో పన్నెండు రోజులు యూనిట్ భోజనాలు, ఎడిటింగు, మిక్సింగు, సెన్సార్ ఫీజు, అన్నీ పద్ధతిగా రాశావు. టీలకి కూడా వేరే గడి గీశావు, దానికి ముచ్చటేసింది. కానీ ఆఖరి వరసలో "పబ్లిసిటీ, రిలీజ్" అని రాసి దానికెదురుగా "తర్వాత చూద్దాం" అన్నావు చూడు, ఈ ఉత్తరం ఆ రెండు మాటల గురించే.

నేను ఏం చేసేవాడినో నీకు సగమే తెలుసు. నీకు ఊహ తెలిసేసరికి హాల్లో మేనేజర్‌ని. అంతకుముందు పదేళ్లు విజయవాడ గాంధీనగర్‌లో ఒక డిస్ట్రిబ్యూషన్ ఆఫీసుకి రెప్రజెంటేటివ్‌గా తిరిగాను. రీళ్ల బాక్సు బస్సు మీద వేయించుకుని గురువారం రాత్రికి ఊరు చేరడం, ఆటాటకీ చించిన టికెట్లు లెక్క చూడడం, డీసీఆర్ మీద సంతకం పెట్టించుకోవడం, హాలు వాడు ఒక వరస తక్కువ చూపిస్తే పట్టుకోవడం, అదీ ఉద్యోగం. ఒకే ప్రింటు రెండు ఊళ్లలో ఆడించేవాళ్లం. ఇక్కడ నాలుగు రీళ్లు అవగానే కుర్రాడు సైకిల్ మోటారు మీద పక్క ఊరికి పట్టుకుపోయేవాడు. వాడి టైరు పంక్చరైతే అక్కడ జనం కుర్చీలు విరగ్గొట్టేవాళ్లు. ఇప్పుడు ఆ బాధ లేదు. హార్డ్ డిస్కో శాటిలైటో, సినిమా దానంతటదే వచ్చేస్తుంది. కాకపోతే ఆ రావడానికి స్క్రీనుకింత అని డిజిటల్ ఛార్జీ ఉంది. 2018 మార్చిలో ఆ ఛార్జీల గొడవ మీదే మన హాళ్లు కొన్ని రోజులు మూసేశారు, నీకు గుర్తుండే ఉంటుంది, ఆ వారం నేను ఇంట్లో ఉండి మీ అమ్మని విసిగించాను.

సరే, లెక్కకొస్తాను. పెద్ద హీరో సినిమా అయితే హాలు వాడే వెంటపడతాడు. చిన్న సినిమా అయితే వారం అద్దె ముందు కట్టమంటాడు. నేను మానేసే నాటికి మా హాలు అద్దె వారానికి 1,40,000. రోజుకి నాలుగాటలు, వారానికి ఇరవై ఎనిమిది. అంటే ఆటకి 5,000. వంద రూపాయల టికెట్టులో పన్ను పోగా మిగిలేది లెక్కేస్తే ఆటకి 53 మంది వస్తేనే అద్దె గడుస్తుంది. కొత్త మొహాల సినిమాకి మంగళవారం మ్యాట్నీకి ఇరవై మంది వస్తే గొప్ప. వారమంతా ఆ ఇరవై మందే అనుకో, ఒక్క హాలు మీద దాదాపు 87 వేలు నీ చేతి నుంచి పడతాయి. ముప్పై హాళ్లలో వేశావనుకో, 26 లక్షలు. నీ సినిమా మొత్తం ఖర్చు 34. దీన్నే మా వాళ్లు నెగటివ్ షేర్ అంటారు. సినిమా ఆడకపోతే డబ్బు రాదని అందరికీ తెలుసు, ఆడకపోతే ఎదురు కట్టాలని కొత్త నిర్మాతలకి శనివారం నాడు తెలుస్తుంది.

మల్టీప్లెక్సుల్లో పర్సంటేజీ పద్ధతి, అంటే అద్దె కాకుండా వసూళ్లలో వాటా, కాబట్టి ఆ బాధ అంతగా ఉండదు. 2025 మేలో మన ఎగ్జిబిటర్లు కూడా అద్దె వద్దు, మాకూ పర్సంటేజీయే ఇవ్వండి, లేకపోతే జూన్ ఒకటి నుంచి హాళ్లు మూసేస్తాం అన్నారు కదా. వాళ్ల బాధ వాళ్లది. నీలాంటి వాళ్లకి మాత్రం ఆ పద్ధతే మేలు.

ఇప్పుడు నీకు ఎప్పుడూ చెప్పని సంగతి. నీకు ఏడేళ్లప్పుడు అనుకుంటా, అమ్మకి ఒక్కో చేతికి ఒక్కటే బంగారు గాజు ఎందుకుందని అడిగావు. మట్టిగాజులంటే ఇష్టం అని చెప్పింది. నేను పక్కనే ఉండి పేపరు చదువుతున్నట్టు నటించాను.

1998లో నేనూ ఇంకో ఇద్దరం కలిసి ఒక చిన్న సినిమాని తూర్పుగోదావరిలో ఆడించుకునే హక్కులు కొన్నాం. 1,80,000, మనిషికి 60 వేలు. ఎవరో అంటగడితే కొన్నది కాదు. ప్రివ్యూ చూసి, నచ్చి కొన్నాం. ఇప్పటికీ ఆ సినిమా మంచిదే అంటాను. నా దగ్గర దాచుకున్నవి 42 వేలు. మిగతా 18 వేలకి మీ అమ్మ రెండేసి కాసుల గాజులు నాలుగూ తీసి ఇచ్చింది. నేను అడగలేదు అని చెప్పుకుంటూ వచ్చాను ఇన్నాళ్లూ. అడగకుండా ఆవిడ ముందు కూర్చుని నిట్టూరిస్తే అడిగినట్టే కదా.

శుక్రవారం బాగానే తెరుచుకుంది. శనివారం ఫస్ట్ షోకి బాల్కనీ సగం నిండింది. చూసినవాళ్లు బయట నిలబడి మాట్లాడుకుంటున్నారు, అది మంచి లక్షణం. ఇంకో వారం వస్తుందన్న పెద్ద సినిమా ఆ బుధవారానికే వచ్చింది. మేం వేసిన ఐదు హాళ్లలో నాలుగు దానికెళ్లిపోయాయి. మా బాక్సు తిరుగు బస్సులో వచ్చేసింది. నోటిమాట ఊరంతా తిరగడానికి పది రోజులు పడుతుంది, మా చేతిలో ఉన్నవి ఐదు రోజులు. పోస్టర్లకి కూడా డబ్బు మిగుల్చుకోలేదు మేం. ఉన్నదంతా హక్కులకే పెట్టేశాం. సినిమా బాగుంటే చాలనుకున్నాం.

నాలుగు గాజుల్లో రెండు విడిపించాను, మూడేళ్లకి. తక్కిన రెండూ వడ్డీకి పోయాయి.

అందుకే మొన్న నువ్వు సత్యజిత్ రే గారు భార్య నగలు తాకట్టు పెట్టి మొదటి సినిమా తీశారని ఉత్సాహంగా చెబుతుంటే నేనేం మాట్లాడలేకపోయాను. నిజమే, పెట్టారు. అదే కథలో ఇంకో రెండు ముక్కలున్నాయి, అవి ఎవరూ చెప్పరు. ఒకటి, ఆయన అడ్వర్టైజింగ్ కంపెనీలో ఉద్యోగం మానకుండా ఆదివారాలూ సెలవులూ చూసుకుని షూటింగు చేశారు. 1952లో మొదలుపెడితే జనం ముందుకొచ్చింది 1955లో. రెండోది, ఆ నగలతో సినిమా పూర్తి కాలేదు. బెంగాల్ ప్రభుత్వం డబ్బిస్తే పూర్తయింది. నువ్వు ఉద్యోగానికి రాజీనామా రాసి పెట్టుకున్నావని అమ్మ చెప్పింది. పంపకు. జీతం వస్తున్నవాడికి తొందరపడి సినిమాని తక్కువకి అమ్ముకునే గతి పట్టదు.

ఓటీటీ వాళ్లు కొనుక్కుంటారు కదా అంటావేమో. కరోనా రోజుల్లో కొన్నారు. ఇప్పుడు చాలామంది ముందు థియేటర్లో వేసి రమ్మంటున్నారు. కొందరు జనం ఎన్ని గంటలు చూస్తే అంత అంటున్నారు. ఆ దారి మూసుకుపోయిందని కాదు, బడ్జెట్లో ఆ డబ్బు వస్తుందని రాసుకోకు అంటున్నా.

మరి చిన్న సినిమాలు ఆడలేదా అంటే ఆడాయి. 2016లో 'పెళ్లి చూపులు', 2018లో 'కేరాఫ్ కంచరపాలెం' మన కళ్ల ముందే ఆడాయి. రెండింటికీ విడుదల వేళకి వెనక పెద్ద సంస్థ చెయ్యి పడింది, అది మర్చిపోకు. కానీ ఆ చెయ్యి ఎందుకు పడింది? సినిమా ముందే పది మందికి చూపించారు. కంచరపాలెం సినిమాలో నటించినవాళ్లలో ఎక్కువమంది ఆ పేటవాళ్లే. సినిమా అనుభవం లేని మనుషులు. తెర మీద తన మేనత్తని చూసుకోవడానికి ఎంతమంది వస్తారో నాకు తెలుసు. మా హాల్లో ఓసారి రెండు నిమిషాలు కనిపించే కుర్రాడి కోసం ఊరు ఊరంతా రెండు ట్రాక్టర్ల మీద దిగింది.

అంతకంటే పెద్ద పాఠం 1976 నాటి 'మంథన్'. గుజరాత్ పాల సంఘాల రైతులు ఐదు లక్షల మంది తలా రెండు రూపాయలు వేస్తే వచ్చిన పది లక్షలతో శ్యామ్ బెనెగల్ గారు తీశారు. అందరూ డబ్బు ఎలా పోగైందో చెప్పుకుంటారు. హాలు మేనేజరుగా నాకు కనబడేది వేరు. ఐదు లక్షల మంది నిర్మాతలుంటే ఐదు లక్షల టికెట్లు ముందే తెగినట్టు. ఆ రైతులు లారీలెక్కి వచ్చి మరీ తమ సినిమా చూశారు. పబ్లిసిటీ ఖర్చు షూటింగుకి ముందే అయిపోయింది వాళ్లకి.

నీ కథ లంకలో, వరదల్లో, ఒక ముసలమ్మా ఒక గేదే. దీన్ని ముందు చూడాల్సింది హైదరాబాద్ ఫిల్మ్‌నగర్ కాదు. కోనసీమ. కాబట్టి వేషాలు ఆ ఊళ్లోనే వేయించు. పంటు (రేవు దాటించే పడవ) నడిపేవాడు పంటు నడిపేవాడుగానే ఉండనీ. షూటింగు జరిగినన్నాళ్లూ రోజుకో ఫొటో ఆ ఊరి వాట్సాప్ గ్రూపులో పడాలి, నువ్వు కాదు, వాళ్లే వేసుకోవాలి. విడుదల ఆరు హాళ్లలో చాలు: అమలాపురం, రాజోలు, కాకినాడ, ఇక్కడ ఒకటి, హైదరాబాద్‌లో మల్టీప్లెక్సులు రెండు. ఆరింట్లో నిండితే పదహారు వాళ్లే అడుగుతారు. వరికోతలైపోయి చేతిలో డబ్బున్న వారం చూసుకో. ఫిబ్రవరిలో ఖాళీ ఉందని ఎవరైనా అంటే, ఎందుకు ఖాళీ ఉందో ఆలోచించు. పరీక్షలు.

ట్రైలర్ చూసి కథంతా తెలిసిపోకూడదు, అది నీకే తెలుసు. పోస్టర్ సంగతి నీకు తెలీదు. ఫోన్‌లో బాగున్న డిజైన్ గోడ మీద బాగోదు. పేరు బస్సు కిటికీలోంచి చదవగలగాలి. మైదా జిగురులో మైలుతుత్తం కలపమని చెప్పాలి, లేకపోతే తెల్లారేసరికి ఆవులు తినేస్తాయి. నవ్వకు, అమలాపురం బస్టాండు దగ్గర మా ఫోర్ షీట్ పోస్టర్లు అలాగే పోయాయి.

డ్రోను తీసెయ్. గోదావరి పై నుంచి ఎలా ఉంటుందో ఇప్పుడు పెళ్లి వీడియోల్లో కూడా చూస్తున్నారు. ఆ డబ్బు సౌండుకి పెట్టు. బొమ్మ కాస్త మసగ్గా ఉంటే జనం సర్దుకుంటారు, మాట వినబడకపోతే ఒక్క నిమిషం ఆగరు. వెనక బెంచీ నుంచి "సౌండు!" అని అరుపు రాగానే నేను ఆపరేటర్ రూముకి పరిగెత్తేవాడిని. నీ సినిమాలో మైకే సరిగ్గా పెట్టకపోతే నేను పరిగెత్తి ఏం లాభం?

గేదెకి కాగితం కావాలి. జంతువు నటిస్తే యానిమల్ వెల్ఫేర్ బోర్డు అనుమతి లేకుండా సెన్సారు దగ్గర ఆగిపోతుంది, వాళ్ల ఆఫీసు హర్యానాలో బల్లభ్‌గఢ్‌లో ఉంది. షూటింగుకి ముందే రాయి, అయ్యాక రాస్తే ఎవరూ పలకరు. టీకొట్టు సీన్లో రేడియోలో పాత పాట వస్తుందని రాశావు. ఆ పాట హక్కులు ఎవరివో వాళ్లు నీ మొత్తం సంగీతం ఖర్చంత అడుగుతారు. రేడియోలో వ్యవసాయ కార్యక్రమం పెట్టుకో, నీ స్నేహితుడి చేత చదివించు. స్నేహితులే కదా అని అగ్రిమెంట్లు వదిలెయ్యకు. రేపు ఎవరైనా కొనేటప్పుడు ముందడిగేది ఆ కాగితాలే.

నీ పోస్టర్ మీద అప్పుడే మూడు ఆకుల దండలు, అదే ఫెస్టివల్ అవార్డుల గుర్తులు, కనబడ్డాయి. ఊరూ పేరూ తెలియని ఫెస్టివల్స్‌కి ఎంట్రీ ఫీజు కట్టి తెచ్చుకున్న అవార్డు చూసి ఒక్క టికెట్టు తెగదు. పంపితే గోవాలో జరిగే భారత అంతర్జాతీయ చలనచిత్రోత్సవం ఇఫీకి పంపు, తిరువనంతపురంలో కేరళ వాళ్ల ఫెస్టివల్‌కి పంపు. గోవాలో నవంబరులో కేంద్ర ప్రభుత్వ సినిమా సంస్థ ఎన్‌ఎఫ్‌డీసీ వాళ్లు నడిపే ఫిల్మ్ బజార్‌కి, ఇప్పుడు వేవ్స్ ఫిల్మ్ బజార్ అంటున్నారు, దానికి ఎడిటింగ్ దశలో ఉండగానే పంపొచ్చట కదా, నీ స్నేహితుడే చెప్పాడు.

ఇప్పుడు డబ్బు. ఎనిమిది నా దగ్గర లేవు. రిటైరైనప్పుడు వేసిన ఎఫ్‌డీ ఐదు లక్షలు ఉంది. అది ఇస్తాను, షూటింగుకి కాదు. నీ పేరూ అమ్మ పేరూ కలిపి వేరే అకౌంటు తెరుస్తాం. సెన్సార్ సర్టిఫికెట్ చేతికొచ్చేదాకా అందులోంచి రూపాయి తియ్యకూడదు. అది అద్దెలకి, పోస్టర్లకి, డిజిటల్ ఛార్జీలకి. షూటింగులో డబ్బు తక్కువైతే సీను తగ్గించు, ఆ అకౌంటు వైపు చూడకు. అమ్మ సంతకం లేకుండా డబ్బు రాదు. ఆవిడ ఈసారి నిట్టూర్పులకి లొంగనని ముందే చెప్పమంది.

శుక్రవారం పొద్దున అమలాపురం హాలు దగ్గర నేనుంటాను. డీసీఆర్ నేను రాస్తాను, నీ లైన్ ప్రొడ్యూసర్‌కి చేతకాదు. ఆ ఊరి పోస్టర్ల మేస్త్రీతో నిన్న మాట్లాడాను. ఇంకా ఉన్నాడు, మోకాళ్ల నొప్పులు, ఇప్పుడు కొడుకు చేస్తున్నాడట.

ముసలమ్మ వేషానికి చేతినిండా మట్టిగాజులు కావాలని రాశావు కదా బడ్జెట్లో, ఆ గడి కొట్టెయ్. ఇంట్లో పెట్టెడు ఉన్నాయి. రెండు నాలుగా, రెండు ఆరా, ఆవిడ సైజు కనుక్కుని చెప్పమంటోంది అమ్మ.

మీ నాన్న